పప్పు తింటే చీము పడుతుందా?

సింగరాయకొండ నుంచి మా పెద్దమ్మ నెల్లూరు వచ్చి కింది దవడ పన్ను ఒకటి పీకించుకుంది. ఇంటికి తెచ్చేసరికి బుగ్గ మొద్దుబారి, పళ్ల మధ్య గాజుగుడ్డ మడత బిగించి, అన్నీ చేతి సైగలే. తిమ్మిరి వదిలాక మా ఆవిడ మెత్తగా పిసికిన అన్నంలో ముద్దపప్పు, నెయ్యి కలిపి తెస్తే గిన్నె వెనక్కి జరిపేసింది. “పప్పు తింటే చీము పడతాదిరా” అంది. గుడ్డు వద్దు, పెరుగు అసలే వద్దు. మరేం తింటావంటే, “కారప్పొడి వేసుకుని నాలుగు మెతుకులు తింటా. మిరియాల చారు వేడివేడిగా కాచి ఇయ్యండి” అంది.

మన ఇళ్లలో ఒంటి మీద ఎక్కడ కోత పడినా ఇదే పథ్యం. ఆమెకు వాళ్లమ్మ పెట్టింది, ఆమె మాకు పెట్టింది. ఆ పథ్యం వెనక ప్రేమ ఉందన్న సంగతి నాకు తెలుసు. కానీ పన్ను పీకిన నోటికి అది సరిగ్గా తిరగబడిన పథ్యం. గాయానికి కావలసినవి మాన్పించి, గాయాన్ని రేపేవి పెడుతుంది.

ఎందుకో తెలియాలంటే ఆ గుంటలో ఏం జరుగుతోందో చూడాలి. పన్ను వేళ్లు ఎంత లోతున ఉండేవో అంత లోతు గుంట దవడ ఎముకలో మిగులుతుంది. నిమిషాల్లో అది రక్తంతో నిండుతుంది. ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి, ఫైబ్రిన్ అనే ప్రొటీన్ సన్నని పోగులుగా అల్లుకుని ఆ రక్తాన్ని గడ్డ కట్టిస్తుంది. గాజుగుడ్డను అరగంట, ముప్పావుగంట గట్టిగా కరిచి పట్టుకోమనేది అందుకే. మోకాలికి దెబ్బ తగిలితే పైన పక్కు కట్టి ఎండుతుంది. నోట్లో ఆ వీలు లేదు, ఎప్పుడూ తడే. కాబట్టి లోపలి ఎముకకూ నరాల కొసలకూ ఆ మెత్తటి గడ్డే మూత, అదే పందిరి కూడా. దాన్ని పట్టుకునే సన్నని రక్తనాళాలు, కొత్త కండ పాకి వస్తాయి. వారానికి గుంటలో చాలావరకు కొత్త కండ చేరుతుంది. మూడు నాలుగు వారాలకు పైన చిగురు కప్పుకుంటుంది. అడుగున ఎముక నిండటానికి నెలలు పడుతుంది.

ఆ గడ్డ ముందుగానే ఊడినా కరిగినా ఎముక బయటపడుతుంది. దాన్ని డ్రై సాకెట్ అంటారు. 1896లోనే వైద్యులు దాని గురించి రాశారు. మామూలుగా పీకిన పళ్లలో నూటికి ఒకటి నుంచి ఐదింటికి వస్తుంది, కింది జ్ఞానదంతాల్లో అంతకన్నా బాగా ఎక్కువ. తగ్గిందనుకున్న నొప్పి రెండో రోజుకో మూడో రోజుకో తిరగబెట్టి చెవి దాకా లాగుతుంది. మాత్రలకు లొంగదు. డాక్టరు దగ్గరికి వెళితే గుంట కడిగి మందు పెడతారు. ఆ మందులో చాలాసార్లు ఉండేది మన లవంగ నూనెలోని యూజినాలే.

అందుకే మొదటి రోజు ఏం తిన్నామన్నదాని కన్నా ఎలా తిన్నామన్నది ముఖ్యం. కొబ్బరిబొండానికి స్ట్రా గుచ్చి ఇస్తారు కదా, వద్దు. పీల్చినప్పుడు నోట్లో పుట్టే లాగుడుకు గడ్డ కదిలిపోతుంది. గ్లాసులో పోయించుకుని తాగాలి. రక్తం రుచి తగిలిందని మాటిమాటికీ ఉమ్మడం కూడా అదే పని చేస్తుంది. పొగ పీల్చడం ఇంకా చెడ్డది. ప్రకాశం జిల్లా పొగాకు పండించే నేల, చుట్టా బీడీ వదలలేని పెద్దవాళ్లు మా ఇళ్లలో చాలామంది. పీల్చే ఊపు ఒకవైపు, రక్తనాళాలను బిగించే నికోటిన్ ఒకవైపు. కనీసం మూడు రోజులు ముట్టకూడదని చెబుతారు. ఉప్పునీళ్లు కూడా ఒక రోజు గడిచాకే. గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి, నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి, నోరు తెరిచి జారనివ్వాలి. గడగడా పుక్కిలించకూడదు.

ఆ పూట వేడి కూడా పనికిరాదు. వేడికి రక్తనాళాలు వెడల్పై మళ్లీ రక్తం కారొచ్చు. పైగా తిమ్మిరి వదలకముందు, అంటే సూది వేశాక రెండు మూడు గంటలు, కొందరికి ఇంకా ఎక్కువసేపు, కాఫీ నాలుకను కాల్చినా తెలియదు. పిల్లలైతే మొద్దుబారిన పెదవిని ఆటగా కొరికేసుకుంటారు, మర్నాటికి అది వాచి పుండవుతుంది.

ఇక మిరియాల చారు సంగతి. 1997లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం మన నరాల కొసల్లో ఒక గ్రాహకాన్ని గుర్తించింది. పేరు టీఆర్‌పీవీ1. ఆ పరిశోధనకే 2021లో ఆయనకు నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. మామూలుగా 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే అది మెదడుకు ‘కాలుతోంది’ అని కబురు పంపుతుంది. మిరపలోని క్యాప్సైసిన్, మిరియంలోని పైపరీన్ తగిలినా అదే కబురు. నాలుక మండటం అంటే నిజంగా ఏదీ కాలకుండానే మెదడుకు అందే మంట కబురు. గాయమై వాచిన చోట ఆ గ్రాహకం ఇంకా సున్నితమవుతుంది, పులుపు తోడైతే అంతకన్నా తక్కువ వేడికే పలుకుతుంది. మిరియాల చారులో వేడి, మిరియం, చింతపండు మూడూ ఉన్నాయి. మన నెల్లూరు చేపల పులుసులో వేడి, కారం, పులుపులకు తోడు ముళ్లు. కారం దోసెలో ఎర్రకారం, దానికి తోడు చిగుట్లో గుచ్చుకునే కరకరలాడే అంచు. వీటిని శాశ్వతంగా వదిలెయ్యమని కాదు, వారం పది రోజులు ఆగమని.

మరి పప్పు? చీము అంటే సూక్ష్మజీవులతో పోరాడి చచ్చిన తెల్ల రక్తకణాలు, ఆ సూక్ష్మజీవులు, కరిగిన కణజాలం. అది గాయంలోకి చేరిన సూక్ష్మజీవుల వల్ల వస్తుంది, కంచంలో పప్పు వల్ల రాదు. గుంటలో అల్లుకునే కొత్త కండకు వాసం లాంటిది కొల్లాజెన్, అదీ ప్రొటీనే. 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు 50 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, వంద గ్రాముల పప్పు గింజల్లో 22 నుంచి 24. కారప్పొడి మెతుకులతో, కాఫీతో మూడు రోజులు గడిపితే అందులో పావు వంతు కూడా అందకపోవచ్చు. కొల్లాజెన్ గట్టిపడాలంటే విటమిన్ సి కూడా ఉండాలి. గూడూరు, పొదలకూరు నిమ్మతోటల పక్కన ఉండే మనకు ముందు నిమ్మరసమే గుర్తొస్తుంది గానీ పచ్చి గాయం మీద అది మండుతుంది. పండిన బొప్పాయి మేలు, మెత్తన కూడా.

నేను ఇదంతా చెబితే పెద్దమ్మ సగం నమ్మింది. పప్పు పేరు ఎత్తకుండా పెసరకట్టు చేశాం, అది ఆమె లెక్కలో పథ్యమే. రాగి సంగటి పలుచగా, జావకూ ముద్దకూ మధ్యన కెలికి మజ్జిగతో ఇచ్చాం. సంగటి ఎలాగూ నమలకుండా మింగేదే, పైగా వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం. రెండో రోజుకు గుడ్డు మెత్తగా పొరటు చేసి పెడితే తినేసింది. మేం చేసిన తప్పు ఒక్కటే. మూడో రోజు ఫోను లైటు వేసి చూస్తే గుంట అంచున ఒక ఆవగింజ నల్లగా మెరుస్తోంది. పెసరకట్టు తాలింపులోది. పుల్ల పెట్టి తీయబోతుంటే ఆపాను, ఉప్పునీళ్లకే జారిపోయింది. అప్పటినుంచి ఆవాలు, జీలకర్ర లేకుండా నెయ్యిలో ఇంగువ మాత్రమే. నువ్వులు, అటుకులు, మరమరాలు, జామ గింజలు అన్నీ ఈ ఆవగింజ దారినే వెళతాయి.

షుగరు ఉన్నవాళ్లు ఇంకో మాట వినాలి. నమలలేక తిండి మానేసి, మాత్రో ఇన్సులినో మాత్రం యథాప్రకారం వేసుకుంటే షుగరు పడిపోయి కళ్లు తిరుగుతాయి. పీకించుకునే ముందే డాక్టరును అడిగి పెట్టుకోవాలి. రక్తం పలచబడే మందులు కూడా అంతే, సొంతంగా ఆపకూడదు.

రూట్ కెనాల్ చేయించుకున్నవాళ్ల కథ వేరు. అక్కడ గుంట లేదు, పన్ను ఉంది గానీ లోపల తొలిచి ఉంటుంది, క్యాప్ పడేదాకా గట్టిది కొరికితే చీలుతుంది. నిప్పట్లు, మురుకులు, చెరకు ఆ పక్క నమలకూడదు. నువ్వుల జీడీలు, పాకం ఉండలు తాత్కాలిక సిమెంటును పట్టుకుని ఊడబెరుకుతాయి. పుచ్చుకు వెండిరంగు ఫిల్లింగ్ వేయించుకుంటే అది పూర్తి బలానికి రావడానికి ఒక రోజు పడుతుంది. నీలం లైటుతో గట్టిపరిచే పంటిరంగు ఫిల్లింగ్ అయితే కుర్చీలోంచి లేచేసరికే గట్టిపడి ఉంటుంది, తిమ్మిరి పోయేదాకా ఆగితే చాలు.

నాలుగో రోజు పొద్దున పెద్దమ్మ అద్దం పట్టుకుని వచ్చింది. గుంట మీద తెల్లగా, కాస్త పసుపు కలిసిన పొర. “చెప్పానా, చీము పట్టింది చూడు. పెసరకట్టు పెట్టారు, గుడ్డు పెట్టారు” అంది. పప్పు మీద ఈ నింద ఇన్ని తరాలు ఎలా నిలబడిందో నాకు అప్పుడు అర్థమైంది. గడ్డ మీది ఎరుపు తగ్గి, ఫైబ్రిన్ పొర తేలి, కింద కొత్త కండ మొదలయ్యే రోజులు అవే. చూసినవాళ్లకు అది చీములాగే ఉంటుంది. అంతకుముందు రెండు మూడు రోజుల్లో ఏం తిన్నారో దాని మీదికి పోతుంది నెపం.

దంతాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె అద్దం పెట్టి చూసి, మానుతున్న పొర అని, గోకొద్దని చెప్పింది. నిజంగా చీమైతే వాపు మూడో రోజు దాటినా పెరుగుతూనే ఉంటుందట, జ్వరం వస్తుందట, నోరు తెరవడం కష్టమవుతుందట, నోట్లోకి చేదుగా కంపు కారుతుందట. పెద్దమ్మ ఒక్కొక్కదానికీ లేదు, లేదు అని తలూపింది. తర్వాత చీరకొంగు సర్దుకుంటూ డాక్టరమ్మనే అడిగింది, “అయితే ముద్దపప్పు తినొచ్చా తల్లీ?” అని.