డబుల్ ఎన్నేళ్లకు? మార్కెట్ మీద మన ఆశల వెనక కథ

మన ఊళ్లలో వడ్డీ అంటే నెల లెక్కే. నూటికి రూపాయిన్నర, రెండు రూపాయలు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతమని ఎవరూ ప్రత్యేకంగా గుణించరు గానీ, ఆ లెక్క మాత్రం మనసులో పాతుకుపోతుంది. చీటీలు, ప్రామిసరీ నోట్ల మధ్య పెరిగినవాళ్లకు మ్యూచువల్ ఫండ్ గురించి చెబితే వచ్చే మొదటి ప్రశ్న "నెలకు ఎంత వస్తుంది?" రెండోది "ఎన్నేళ్లకు డబుల్?"

ఆ రెండో ప్రశ్నను మనకు అలవాటు చేసింది పోస్టాఫీసే. 1988లో వచ్చిన కిసాన్ వికాస్ పత్రం ఐదున్నరేళ్లకు రెట్టింపయ్యేది. అంటే ఏడాదికి 13.4 శాతం, అదీ సర్కారు హామీతో. ప్రభుత్వ దీర్ఘకాల పొదుపు ఖాతా పీపీఎఫ్ మీద 2000 జనవరి దాకా 12 శాతం ఇచ్చారు. ధరలు కూడా అదే ఊపులో పెరిగేవని, 1991లో ద్రవ్యోల్బణం రెండంకెల్లో ఉందని అప్పుడు పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఏ రిస్కూ లేకుండానే 13 వస్తుంటే షేర్లు పాతికైనా ఇవ్వాలి కదా అనుకోవడం సహజం.

ముంబై షేర్ బ్రోకర్ హర్షద్ మెహతా కాలం ఆ ఆశకు ఆజ్యం పోసింది. 1992 మొదట్లో 2,000 లోపు ఉన్న సెన్సెక్స్ (పెద్ద కంపెనీల షేర్ల ధరలను బట్టి కదిలే సూచీ) ఏప్రిల్ 22న 4,467 దగ్గర ముగిసింది. నాలుగు నెలల్లో రెట్టింపు పైనే! అతని కుంభకోణం బయటపడ్డాక జరిగిన పతనం అందరికీ తెలిసిందే. ఆ తర్వాతి నిరీక్షణ గురించే ఎవరూ పెద్దగా మాట్లాడరు. 2003 ఏప్రిల్ 25న సెన్సెక్స్ 2,924. ఆ శిఖరం మీద సూచీలో లక్ష పెట్టినవాడికి, డివిడెండ్లు పక్కన పెడితే, పదకొండేళ్లకు మిగిలింది 65 వేలు. అదే లక్ష పీపీఎఫ్‌లో మూడింతలు దాటింది.

ఆ తర్వాత 2008 జనవరి 8కి సూచీ 20,873కి చేరింది, అంటే ఏడు రెట్లు. బీమాతో పాటు మార్కెట్లో పెట్టుబడి కలిసుండే యులిప్‌లకు అప్పట్లో లాక్-ఇన్ (డబ్బు వెనక్కి తీసుకోలేని గడువు) మూడేళ్లే కావడంతో "మూడేళ్లు కడితే చాలు" అంటూ ఏజెంట్లు జోరుగా అమ్మారు. రాబడిగా కాగితం మీద చూపాల్సిన లెక్క 6, 10 శాతం. నోటితో చెప్పేది మాత్రం ఇరవై పైమాటే. 2009 మార్చి 9కి సెన్సెక్స్ 8,160కి పడిపోయింది. హైదరాబాద్‌కు ఆ ఏడాది దెబ్బ మీద దెబ్బ: లెక్కల మోసం బయటపడి, జనవరి 7న ఇక్కడి సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం షేరు ఒక్కరోజులో 179 రూపాయల నుంచి 40 దగ్గరికి జారింది.

మార్కెట్ దీర్ఘకాలంలో ఎంత ఇస్తుందన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు, ఎక్కడి నుంచి లెక్క మొదలుపెట్టామన్నదాన్ని బట్టి అది మారిపోతుంది. 2024 సెప్టెంబర్ 26న సెన్సెక్స్ 85,836. 1992 శిఖరం నుంచి చూస్తే ఏడాదికి సుమారు 9.5 శాతం. 2003 నుంచైతే 17. 2008 జనవరి నుంచి 9 కూడా లేదు. 2020 మార్చి 23 నాటి 25,981 నుంచి చూస్తే 30 శాతం. డివిడెండ్లు కలిపితే ప్రతిదానికీ ఒకటిన్నర శాతం అటూఇటూ పెరుగుతుంది, అంతే.

కోవిడ్ ముందు దేశంలో డీమ్యాట్ ఖాతాలు (షేర్లు దాచుకునే ఖాతాలు) నాలుగు కోట్ల చిల్లర. 2024 సెప్టెంబర్ నాటికి 17 కోట్లు దాటాయి. ఈ కొత్తవాళ్లలో ఎక్కువమంది చూసిన మార్కెట్ ఆ 30 శాతానిదే. ఇంకా వేగంగా కావాలని, షేర్ల ధర ఎటు కదులుతుందో పందెం కాసే ఆప్షన్స్‌కు వెళ్లినవాళ్ల సంగతి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే తేల్చింది: 2021-22 నుంచి 2023-24 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్)లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మందికి నష్టమే.

నెమ్మదస్తుల ఆశ ఫోన్‌లోని సిప్ (ఫండ్‌లో నెలనెలా కట్టే పద్ధతి) కాలిక్యులేటర్‌లో కనిపిస్తుంది. నెలకు పదివేలు, ఇరవయ్యేళ్లు, 12 శాతం అని కొడితే దాదాపు కోటి. శాతం గీతను 15కి జరిపితే కోటిన్నర. 9కి తెస్తే 67 లక్షలు. పిల్ల చదువు, ఇంటి అప్పు లెక్కలు వేసుకునేవాళ్లు ఆఖరి అంకెను ముందు చూడాలి. కానీ దాన్ని ముందుగా చూపించే సేల్స్‌మన్ ఎవరైనా ఉంటాడా?

2025 ఫిబ్రవరి ఆఖరుకు సెన్సెక్స్ 73,198కి దిగింది. అంతకు ముందే, జనవరిలో, కొత్తగా మొదలైన సిప్‌లకంటే ఆగిపోయినవి, గడువు ముగిసినవి ఎక్కువగా తేలాయి. శిఖరం నుంచి అప్పటిదాకా పడింది 15 శాతం లోపే. 2008లో పడింది 60 శాతం.