బోరులోకి మోటారు దించిన సంగతి

పర్లాకిమిడి,
జూన్ నెలాఖరు.

చిట్టితల్లికీ, బాబుకీ తాతయ్య ఆశీస్సులు.

మన బోరులో కొత్త మోటారు వేయించామని మామ్మ ఫోనులో చెప్పగానే ఇద్దరూ చెరో ప్రశ్న వేశారు. కరెంటు మోటారుని నీళ్ళలో ముంచితే షాకు కొట్టదా అని బాబు అడిగాడు. గట్టు మీద పెట్టుకోకుండా అంత లోతుకి ఎందుకు దించడం అని చిట్టి అడిగింది. ఫోనులో చెప్తే మీరు సగమే వింటారు, మిగతా సగం టీవీకి పోతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ముందు చిట్టి ప్రశ్నకి చెప్తాను. అది తేలితే గాని బాబు అడిగింది అర్థం కాదు.

కొబ్బరిబొండాంలో గొట్టం పెట్టి పీలుస్తారు కదా. నీళ్ళని మీ నోరే లాగుతోందనుకుంటారు. నోరు చేసే పనల్లా గొట్టంలో గాలి తీసెయ్యడమే. బయటి గాలి బొండాంలో నీళ్ళ మీద ఒత్తితే ఆ నీళ్ళు గొట్టంలోకి ఎక్కుతాయి. గాలి ఒత్తిడికి ఉన్న బలం కొద్దీ నీళ్ళు మహా అయితే 10 మీటర్ల పైచిలుకు, అంటే సుమారు 34 అడుగులు లేస్తాయి. ఎంత పెద్ద మోటారు తెచ్చి పెట్టినా అంతకు మించి పీల్చలేదు. 1640ల్లో ఇటలీలో టారిచెల్లీ అనే ఆయన పాదరసం గొట్టంతో ఈ లెక్క తేల్చాడు. పైపు రాపిడీ, అతుకుల్లోంచి దూరే గాలీ పోగా, 25 అడుగులు దాటితే గట్టు మీది పంపులకి ఆయాసం మొదలవుతుంది. మన బోరులో ఎండాకాలం నీళ్ళు 90 అడుగులకి దిగిపోతాయి. ఇక పీల్చే మాట లేదు, కిందనుంచి నెట్టాల్సిందే.

అందుకని ఈ మోటారు నిలువుగా, సన్నగా ఉంటుంది. అడుగున మోటారు, దాని నెత్తి మీద పంపు, రెంటికీ మధ్య నీళ్ళు దూరే జల్లెడ. పంపులో ఒకదాని మీద ఒకటిగా చిన్న చిన్న చక్రాలుంటాయి, వాటిని స్టేజీలంటారు. ఒక్కో స్టేజీ నీళ్ళని మరి కాస్త ఎత్తుకి నెడుతుంది. మనది 12 స్టేజీలది, ఒక హార్స్‌పవరు. పాతపట్నం కొట్లో కొన్నాం. పెట్టె మీద మాత్రం కోయంబత్తూరు అని ఉంది. ఈ పంపుల పరిశ్రమకి పేరుపడ్డ ఊరది.

ఇప్పుడు షాకు సంగతి. లోపల చుట్టిన రాగితీగ మీద నీళ్ళు సోకని ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. అందుకే మన మోటారు లోపల కూడా నీళ్ళే ఉంటాయి! దించే ముందు మిస్త్రీ మోటారుని నిలబెట్టి, బిరడా విప్పి, చెంబుతో మంచినీళ్ళు పోశాడు. నిండినట్టే ఉండి, బుడగ ఒకటి పైకొచ్చి మట్టం దిగిపోయేది. మళ్ళీ పోసి, మోటారుని కాస్త ఊపి, ఆగేవాడు. నేను తొందరపెడితే "టికే రుహ, టికే రుహ" అని నవ్వాడు. ఒడియాలో, కొంచెం ఆగండి అని. ఆ నీళ్ళే లోపలి బేరింగులకి నూనెలా పనిచేస్తాయి, వేడిని కూడా లాగేస్తాయి. గాలి మిగిలిపోతే బేరింగులు ఎండిపోయి అరుగుతాయి. పని చేస్తోందో లేదో చూద్దామని నేల మీద పొడిగా తిప్పి చూడకూడదన్నది కూడా ఇందుకే.

మోటారుతో వచ్చే తీగ పొట్టిది. దానికి మూడు తీగల బల్లపరుపు కేబులు అతకాలి. నన్నడిగితే మొత్తం పనిలో ప్రాణం ఈ అతుకులోనే ఉంది. రేపటినుంచి అది 160 అడుగుల లోతున నీళ్ళలో నానుతూ ఉంటుంది, మళ్ళీ మోటారు పైకి తీసేదాకా దాన్ని చూసేవాళ్ళుండరు. మిస్త్రీ ఎరుపు, పసుపు, నీలం తీగల్ని ఒకేచోట కొయ్యకుండా మూడింటినీ మూడు పొడవుల్లో కోశాడు. అలా చేస్తే ఒక అతుకు పక్కన ఇంకో అతుకు రాదు. రాగిని గీకి మెరిపించి, మెలివేసి బిగించి, దాని మీద రబ్బరు టేపు సాగదీసి చుట్టాడు. ఆ పైన ప్లాస్టిక్ టేపు. ఆ తరవాత అతుకుని బకెట్టు నీళ్ళలో ముంచి వదిలేసి టిఫిను తిని వచ్చాడు. వచ్చాక మెగ్గరు అనే మీటరు పెట్టి, రాగిలోంచి నీళ్ళలోకి కరెంటు కారే దారి ఉందేమో చూశాడు. లేదు. అప్పుడే దించుదాం అన్నాడు. టేపు చుట్టేసి వెంటనే దించేసే మిస్త్రీలు చాలామంది ఉన్నారు. ఈయన్ని వెతికి పట్టుకోవడానికి నా తలప్రాణం తోకకొచ్చింది.

దించేటప్పుడు చూడాలి మీరు. మనవి తూర్పు కనుమల కొండరాళ్ళు. నీళ్ళు ఆ రాతి పగుళ్ళలో ఉంటాయి. పైన మట్టి ఉన్నంతవరకే, అది కూలకుండా, కేసింగు పైపు, ఆ కిందంతా వట్టి రాతి రంధ్రం. బోరు మీద మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి, దానికి చైన్‌పుల్లీ కట్టారు. పది అడుగుల ప్లాస్టిక్ పైపులు పదహారు. ఒక్కోదాన్ని మర బిగించి, రబ్బరు రింగు సరిగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూసి, దించుతారు. పైపుని ఇనుప క్లాంపు పట్టుకుంటుంది, ఆ క్లాంపు కేసింగు మూతి మీద ఆనుతుంది. రెండో క్లాంపు పై పైపుకి బిగిసి, బరువు పుల్లీ మీదికి వచ్చాక గాని మొదటిది విప్పరు. ఎప్పుడూ ఒక క్లాంపు పట్టుకునే ఉండాలి. ఆ క్లాంపుకీ కేసింగుకీ మధ్య వేలు పడితే మాత్రం ఇక అంతే. మిస్త్రీ కొడుకుని కూడా ఆ దగ్గరికి రానివ్వలేదు.

పైపుతో పాటే కేబులు దిగుతుంది. ప్రతి పైపుకీ దాన్ని కట్టాలి, కానీ బిర్రుగా లాగి కట్టకూడదు. బరువుకి పైపు కాస్త సాగుతుంది, కేబులుకి ఆ వెసులుబాటు లేకపోతే అతుకు ఊడుతుంది. పక్కనే నైలాను తాడు కూడా దింపారు. పైపు తెగినా మోటారు అడుక్కి పోకుండా పట్టుకోవడానికి అది. కేబులు పట్టుకుని మోటారు లాగడం మాత్రం ఎవరు చెప్పినా చెయ్యకూడని పని. బరువు ఎంతో తెలుసా? ఒకటింబావు అంగుళం పైపు 160 అడుగుల పొడవునా నీళ్ళతో నిండితే ఆ నీళ్ళే దాదాపు 40 కిలోలు. పంపు మూతి దగ్గర చెక్ వాల్వు ఉంటుంది కాబట్టి మోటారు ఆపినా ఆ నీళ్ళు కిందికి జారవు. రేపు రిపేరుకి పైకి తీసినా ఆ బరువంతా కలిపే ఎత్తాలి.

బోరు 200 అడుగులు, మోటారు 160 దగ్గర ఆపాం. అడుగున రాతిపొడీ బురదా పేరుకుని ఉంటాయి. మోటారు అందులో కూరుకుంటే వేడెక్కి కాలిపోతుంది.

ఈ పనిలో నాకు అన్నిటికంటే భయం వేసేది బోరు దగ్గర కాదు, తలపైన. ఇనుప పైపులైతే ఒక్కోటి 20 అడుగులుంటుంది. పాతది పైకి లాగి నిలబెట్టినప్పుడు పైన కరెంటు తీగలున్నాయని మరిచిపోతారు. పైపు తీగకి తగిలితే పట్టుకున్న వాళ్ళందరూ ఒక్కసారే పోతారు. ఇలాంటి వార్తలు పేపర్లో ప్రతి వేసవిలోనూ చదువుతూనే ఉంటాం. మన దొడ్డి మీదుగా వీధి స్తంభం నుంచి తీగ వస్తుంది కదా, అందుకే కరెంటు ఆఫీసుకి చెప్పి, లైను ఆపించాకే స్టాండు ఎత్తనిచ్చాను.

మోటారు దిగింది, పైపులు బిగిశాయి. కానీ నీళ్ళు రాలేదు, ఎందుకంటే స్విచ్చి వెయ్యనివ్వలేదు! ఎర్తింగు ఇంకా కాలేదు. ఎర్తింగుకి ఏడెనిమిది అడుగుల గుంట తవ్వాలి. ఆ మర్నాడే రొజొ పండుగ మొదలు. మీకు గుర్తుందా, ఆ మూడు రోజులూ భూదేవికి విశ్రాంతి అని ఒడియా వాళ్ళు దుక్కి దున్నరు, మట్టి తవ్వరు. ఊయలలూగడం, పొడొ పిఠా తినడం, అంతే. పండుగ అయ్యాకే గుంట అన్నాడు మిస్త్రీ. ఆయన నమ్మకం ఆయనది, అందులో నేను తలదూర్చలేదు. ఎర్తు తరవాత చూసుకుందాం, ముందు నీళ్ళు పట్టుకుందాం అని మీ మామ్మ చెవినిల్లు కట్టుకుని పోరింది. ససేమిరా అన్నాను. పక్కింటి నూతినుంచి మోసుకుంటూ, వాళ్ళు పంపిన పిఠా తింటూ గడిపాం.

ఎందుకంత పట్టు అంటారా? ఎప్పుడో ఒకప్పుడు కేబులు రాతికి ఒరుసుకుని తొడుగు చిట్లుతుంది. అప్పుడు కరెంటు ఇనుప కేసింగుకీ, తడి గచ్చుకీ, కుళాయికీ వస్తుంది. తడికాళ్ళతో ఎవరైనా ముట్టుకుంటే ఒంట్లోంచి భూమిలోకి దిగిపోతుంది. మంచి ఎర్తు ఉంటే దానికి సులువైన దారి అటే దొరుకుతుంది. అందుకే గుంటలో ఇనుప పైపు నిలబెట్టి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి, నీళ్ళు పోసి కప్పారు. దాన్నుంచి తీగ తెచ్చి స్టార్టరు పెట్టెకూ, బోరు మూతి క్లాంపుకూ బిగించారు. మోటారు ఒంటికి బిగించి కేబులుతో పాటు దింపిన ఎర్తు తీగని కూడా దానికే కలిపారు. న్యూట్రల్‌నే ఎర్తుగా వాడేసేవాళ్ళున్నారు, అది చాలా ప్రమాదం. దీనికి తోడు ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్చి పెట్టించాను. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారి తప్పినా అది కన్ను మూసి తెరిచేలోగా లైను కట్ చేస్తుంది.

పైన పైపుల పని చిన్నదే. బోరు మూతి దగ్గర వంపు, యూనియన్ (విప్పి బిగించుకునే అతుకు), గేట్‌వాల్వు, ఆ తరవాత ట్యాంకు దాకా పైపు. గోడకి క్లాంపులు దగ్గర దగ్గరగా కొట్టించాను, పైపు బరువు బోరు మూతి మీద పడకుండా. జిగురు అతుకుల్ని ఒక రోజు ఆరనిచ్చాం. మొదటి నీళ్ళు ఎర్రగా, ఇసుకతో వచ్చాయి. వాటిని ట్యాంకులోకి పోనివ్వకుండా గేట్‌వాల్వు సగమే తిప్పి అరటిపాదులోకి వదిలాం. తేటపడ్డాకే ట్యాంకుకి కలిపాం.

బోరు మూతికి బోల్టులతో ఇనుప మూత, చుట్టూ సిమెంటు గట్టు కట్టించాను. 2006లో కురుక్షేత్ర దగ్గర ఒక చిన్నపిల్లాడు మూత లేని బోరులో సుమారు 60 అడుగుల కింద పడితే, సైన్యం పక్కనుంచి సొరంగం తవ్వి పైకి తీసింది. అలాంటివి ఇంకా చాలా జరిగాక 2010లో సుప్రీంకోర్టు నియమాలు పెట్టింది. చుట్టూ గట్టు 30 సెంటీమీటర్లు నేలపైన, 30 నేల కింద ఉండాలి, మూత గట్టిగా ఉండాలి, రిపేరు జరిగేటప్పుడు కూడా బోరుని తెరిచి వదలకూడదు. వాడని బోరుని అడుగునుంచి పైదాకా పూడ్చెయ్యాలి. గోశాల వెనక నీళ్ళు పడని పాత బోరుందే, దాన్ని కూడా రాళ్ళూ ఇసుకా వేసి పూడ్పించేశాను. బాబు దాంట్లో గులకరాళ్ళు వేసి చప్పుడు వినే ఆట ఇక లేదు.

దసరా సెలవులకి వచ్చినప్పుడు మోటారు వెయ్యడం మీ వంతే. స్టార్టరు తలుపు మాత్రం తెరవకండి, స్విచ్చి ఆపేశాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది. చేతులు తుడుచుకుని, చెప్పులు వేసుకుని, పచ్చ బటను నొక్కండి. పైన రెండు ముళ్ళుంటాయి. ఒకటి వోల్టులు, ఇంకోటి ఆంపియర్లు. నీళ్ళు బాగా వస్తున్నప్పుడు ఆంపియర్ల ముల్లు ఎక్కడుంటుందో అద్దం మీద గోళ్ళరంగుతో గీత పెట్టాను (మామ్మకి చెప్పకండి, ఆ సీసా ఆవిడదే). ముల్లు గీతకి బాగా కిందకుంటే బోరులో నీళ్ళు అయిపోయి మోటారు వట్టినే తిరుగుతోందన్నమాట. గీత దాటి పైకి పోతే వోల్టేజి పడిపోయిందో, లోపల ఏదైనా పట్టేసిందో. రెంటిలో ఏదైనా సరే వెంటనే ఎర్ర బటను నొక్కి నన్ను పిలవండి.

ఇట్లు,
మీ తాతయ్య