ఇన్‌కాగ్నిటో మిమ్మల్ని ఎవరి నుంచి దాస్తుంది? బ్రౌజర్ల గురించి అపోహలు - వాస్తవాలు

నేను వెబ్ డెవలపర్‌ని కాబట్టి బ్రౌజర్ గురించి ఎవరికి ఏ సందేహం వచ్చినా నా దగ్గరికే వస్తారు. అందులో సగం "ఇది ఆన్ చేసుకుంటే సేఫేనా?" అన్న ప్రశ్నే. దానికి నేను వేసే ఎదురు ప్రశ్న ఒకటే: ఎవరి నుంచి? అదే కంప్యూటర్ వాడే ఇంకో మనిషి నుంచా, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ నుంచా, మీరు చూస్తున్న సైట్ నుంచా, లేక ఆ సైట్‌లో దూరి కూర్చున్న ప్రకటనల కంపెనీ నుంచా? బ్రౌజర్‌లో ఉన్న ఒక్కో ఫీచరూ వీళ్లలో ఒకరినో ఇద్దరినో ఆపుతుంది. అందరినీ ఆపేది ఏదీ లేదు.

అపోహ: ఇన్‌కాగ్నిటోలో ఉంటే నన్ను ఎవరూ చూడలేరు

ఇన్‌కాగ్నిటో, అంటే బ్రౌజర్‌లో ఉండే ప్రైవేట్ కిటికీ, చేసే పని చాలా చిన్నది. కిటికీ మూసేయగానే ఆ సెషన్ హిస్టరీ, కుకీలు మీ మెషీన్‌లో మిగలవు. అంటే మీ తర్వాత అదే ల్యాప్‌టాప్ తీసేవాళ్లకు మీరేం చూశారో బ్రౌజర్‌లో కనిపించదు. డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు, పెట్టుకున్న బుక్‌మార్కులు మాత్రం అలాగే ఉంటాయి, ఇది చాలామంది గమనించరు. ఆఫీస్ నెట్‌వర్క్, ఇంటర్నెట్ కంపెనీ, మీరు వెళ్లిన సైట్, వీళ్లకి మీరు దాదాపు మామూలు కిటికీలో కనిపించినట్టే కనిపిస్తారు. పైగా అక్కడ కూడా మీ ఈమెయిల్‌తో లాగిన్ అయ్యారంటే ఇంక చెప్పేదేముంది, మీ పేరు మీరే చెప్పినట్టు.

ఈ ఫీచర్ సఫారీలో 2005లోనే వచ్చింది, క్రోమ్‌లో 2008లో మొదటి విడుదలతోనే ఉంది. ఇన్నేళ్లుగా ఉన్నా జనానికి అర్థమైంది వేరు, అది చేసేది వేరు. ఆ తేడా మీదే 2020లో అమెరికాలో గూగుల్ మీద కేసు పడింది, చివరికి రాజీలో భాగంగా ప్రైవేట్ బ్రౌజింగ్‌కి సంబంధించిన వందల కోట్ల రికార్డులు తుడిచేయడానికి గూగుల్ ఒప్పుకుంది. ఇన్‌కాగ్నిటో తెరవగానే వచ్చే ఆ పేరాని కూడా 2024లో మార్చారు, సైట్లు సమాచారం సేకరించే పద్ధతి దీనివల్ల మారదని అందులో ఇప్పుడు స్పష్టంగా రాసి ఉంది. మరి ఎంతమంది చదువుతున్నారో!

అపోహ: కుకీలంటే వైరస్‌లాంటివి, అన్నీ బ్లాక్ చేసేయాలి

కుకీ ఒక చిన్న టెక్స్ట్ ముక్క. అది ప్రోగ్రామ్ కాదు, రన్ అవదు, మీ ఫైళ్లు చదవదు. 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేస్తున్న లూ మాంటుల్లి దీన్ని తయారుచేశారు, ఎందుకంటే వెబ్‌కి జ్ఞాపకం లేదు: ఒక పేజీ అడిగితే సర్వర్ ఇస్తుంది, రెండో పేజీ అడిగినప్పుడు అడుగుతున్నది ఇందాకటి మనిషేనని దానికి తెలియదు. ఇలాగైతే షాపింగ్ కార్ట్ కట్టడం కుదరదు కదా. అందుకని సర్వర్ మీకొక టోకెన్ నంబర్ ఇస్తుంది, బ్రౌజర్ ప్రతిసారీ దాన్ని వెనక్కి చూపిస్తుంది. లాగిన్ అయి ఉండటం అనేది నేటికీ ఎక్కువ సైట్లలో దీని మీదే నడుస్తోంది. అన్నీ బ్లాక్ చేస్తే మీరే ఇబ్బంది పడతారు.

చిక్కంతా థర్డ్ పార్టీ కుకీలతో. మీరు ఒక వార్తల సైట్ తెరిస్తే అందులో ప్రకటన బొమ్మ ఇంకో కంపెనీ సర్వర్ నుంచి వస్తుంది, ఆ సర్వర్ కూడా తన కుకీ పెడుతుంది. మీరు తర్వాత చెప్పుల సైట్‌కి వెళ్లినా, ఆరోగ్యం సైట్‌కి వెళ్లినా, అక్కడా అదే కంపెనీ ప్రకటన ఉంటే అదే కుకీ దానికి చేరుతుంది. మీరెక్కడెక్కడ తిరిగారో దాని దగ్గర వరసగా పేరుకుపోతుంది. దీన్ని మొదట్లో ఎవరూ ఊహించలేదు అనుకుంటే పొరపాటు. కుకీల మీద 1997లో వచ్చిన మొట్టమొదటి స్టాండర్డ్ (అన్ని బ్రౌజర్లూ పాటించాల్సిన ఉమ్మడి నియమాల పత్రం), ఆర్‌ఎఫ్‌సీ 2109, ఇలాంటి కుకీలని బ్రౌజర్ డిఫాల్ట్‌గా అనుమతించకూడదనే రాసింది, దాని రచయితల్లో మాంటుల్లి కూడా ఒకరు. కానీ అప్పటికే ప్రకటనల కంపెనీలు వాటి మీద వ్యాపారం కట్టేసుకున్నాయి, అప్పటి రెండు పెద్ద బ్రౌజర్లూ, అంటే నెట్‌స్కేప్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్, ఆ మాటని పట్టించుకోలేదు. స్టాండర్డ్‌లో రాసి ఉన్నంత మాత్రాన బ్రౌజర్‌లో ఉన్నట్టు కాదని నేను కొత్తగా చేరినవాళ్లకి చెప్పేటప్పుడు ఈ ఉదాహరణే వాడతాను.

ఆ తర్వాత కథ సాగుతూనే ఉంది. సఫారీ 2003 నుంచి కొంత బ్లాక్ చేస్తూ వచ్చి 2020 మార్చిలో పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2019లో తెలిసిన ట్రాకర్లని డిఫాల్ట్‌గా ఆపింది, 2022లో ఒక్కో సైట్‌కి ఒక్కో విడి డబ్బా ఇచ్చి కుకీలు ఒకదాని నుంచి ఇంకోదానికి పాకకుండా చేసింది. క్రోమ్ మాత్రం 2020 జనవరిలో "రెండేళ్లలో తీసేస్తాం" అని, వాయిదాల మీద వాయిదాలు వేసి, 2024 మొదట్లో ఒక శాతం మందికి ఆపి చూసి, అదే ఏడు జులైలో ఆ ప్లానే మానుకుంది. 2025 ఏప్రిల్‌లో కనీసం అడిగే బాక్స్ కూడా పెట్టట్లేదని తేల్చేసింది. దీన్ని కేవలం గూగుల్ స్వార్థం అనేవాళ్లున్నారు, స్వార్థం లేదని నేననను, కానీ బ్రిటన్‌లో పోటీ వ్యవహారాలు చూసే సంస్థ కూడా అడ్డం పడింది. కుకీలు తీసేస్తే చిన్న ప్రకటనల కంపెనీలు మునిగి గూగుల్ ఇంకా బలపడుతుందేమోనని దాని భయం. అంటే ప్రైవసీకీ పోటీకీ పొత్తు కుదరని చోట ఇది ఇరుక్కుంది. మామూలు వాడకందారు చేయాల్సింది మాత్రం చిన్నదే: సెట్టింగ్స్‌లో థర్డ్ పార్టీ కుకీలు మీరే ఆఫ్ చేసుకోండి. ఎక్కడైనా పేమెంట్ పేజీ మొరాయిస్తే ఆ ఒక్క సైట్‌కి అనుమతి ఇచ్చుకోండి.

అపోహ: రోజూ కుకీలు తుడిచేస్తే నన్ను గుర్తుపట్టలేరు

మీ స్క్రీన్ సైజు, టైమ్ జోన్, భాష, ఉన్న ఫాంట్లు, గ్రాఫిక్స్ కార్డ్ బొమ్మ గీసే తీరులో సూక్ష్మమైన తేడాలు, ఇవన్నీ విడివిడిగా చూస్తే ఎందుకూ పనికిరానివి, కలిపి చూస్తే చాలాసార్లు మీ ఒక్కరికే సరిపోతాయి. దీన్నే ఫింగర్‌ప్రింటింగ్ అంటారు. 2010లో డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఈఎఫ్‌ఎఫ్ సంస్థకి చెందిన పీటర్ ఎకర్స్లీ దాదాపు 4.7 లక్షల బ్రౌజర్లని పరీక్షిస్తే 83.6 శాతం ఒకదానితో ఒకటి కలవనివే. అప్పటికీ ఇప్పటికీ బ్రౌజర్లు చాలా మారాయి, అంకె కూడా అలాగే ఉంటుందని నేననను, కానీ పద్ధతి అదే. ఇక్కడ కుకీలు తుడిచి లాభం లేదు, తుడవడానికి మీ దగ్గర ఏమీ దాచి ఉండదు.

ఇవేవీ ఎవరో కుట్ర పన్ని పెట్టినవి కావు. ప్రతి ఒక్కటీ ఏదో మంచి అవసరం కోసం వచ్చిందే. బ్యాటరీ ఎంత ఉందో సైట్‌కి చెప్పే ఏపీఐ (సైట్ బ్రౌజర్‌ని సమాచారం అడిగే దారి) ఉంది, చార్జ్ తక్కువుంటే పేజీ బరువైన పనులు తగ్గించుకుంటుందని ఆశ. 2015లో పరిశోధకులు ఆ అంకెలతోనే మనిషిని కొంతసేపు వెంబడించొచ్చని చూపించారు, 2017లో ఫైర్‌ఫాక్స్ దాన్ని సైట్లకి అందకుండా చేసింది. క్రోమ్‌లో ఇంకా ఉంది.

నాకు బాగా నచ్చే ఉదాహరణ ఊదా రంగు లింకులు. ఇదివరకు నొక్కిన లింక్ రంగు మారడం వెబ్ పుట్టినప్పటి సౌకర్యం. కానీ ఒక సైట్ వందల లింకులు కనపడకుండా పెట్టి, ఏది ఏ రంగులో ఉందో స్క్రిప్ట్‌తో అడిగితే? మీ హిస్టరీ బయటపడుతుంది. 2010లో ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా ఇంజినీర్ డేవిడ్ బారన్ చెప్పిన ఉపాయం భలే ఉంటుంది: స్క్రిప్ట్ అడిగితే బ్రౌజర్ అబద్ధం చెబుతుంది, నొక్కిన లింక్ కూడా నొక్కనట్టే ఉందంటుంది. అయినా వేరే దొంగదారులు మిగిలాయి, క్రోమ్ 2025లో మాత్రమే, మీరు ఏ సైట్ మీద నుంచి నొక్కారో అక్కడే ఆ లింక్ రంగు మారేలా చేసింది. ఒక రంగు సంగతి తేల్చడానికి ఇన్నేళ్లు.

"డు నాట్ ట్రాక్" కథ కూడా ఇందులోకే వస్తుంది. నన్ను వెంబడించకండి అని బ్రౌజర్ ప్రతి సైట్‌కీ చెప్పే ఆప్షన్ అది, 2011లో ఫైర్‌ఫాక్స్‌లో వచ్చింది. వినాలన్న నియమం ఎవరికీ లేదు కాబట్టి దాదాపు ఎవరూ వినలేదు. 2019లో సఫారీ దాన్ని తీసేస్తూ చెప్పిన కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు: అది ఆన్‌లో ఉండటం కూడా ఫింగర్‌ప్రింట్‌లో ఒక గుర్తుగా పనికొస్తోందని. దాని స్థానంలో వచ్చిన గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్‌కి మాత్రం కాలిఫోర్నియా లాంటి చోట్ల చట్టం అండ ఉంది, దాన్ని పట్టించుకోలేదన్నది కూడా ఒక ఆరోపణగా ఉన్న కేసులో 2022లో సౌందర్య సాధనాలు అమ్మే సెఫోరా కంపెనీ 12 లక్షల డాలర్లు కట్టింది. తేడా టెక్నాలజీలో లేదు, రెండూ బ్రౌజర్ సైట్‌కి పంపే ఒక లైన్ హెడరే.

అపోహ: అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉంటే సైట్ నమ్మదగినది

కాదు. మీకూ ఆ సర్వర్‌కీ మధ్య దారిలో ఎవరూ చదవలేరు, మార్చలేరు, అంతవరకే. అవతల ఉన్నది దొంగ సర్వర్ అయినా సంభాషణ భద్రంగానే సాగుతుంది. 2015 నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఆ తాళానికి కావాల్సిన సర్టిఫికెట్లు ఉచితంగా ఇస్తోంది, అది వెబ్‌కి జరిగిన గొప్ప మేలు, అయితే మోసగాళ్లకీ ఉచితమే. జనం ఆ తాళాన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే క్రోమ్ 2023లో దాన్ని తీసి సెట్టింగ్స్ గుర్తు పెట్టింది.

అపోహ: వెబ్ స్టాండర్డ్స్‌ని ఒక కమిటీ రాస్తుంది, బ్రౌజర్లు పాటిస్తాయి

పుస్తకాల్లో అలాగే ఉంటుంది. డబ్ల్యూ3సీ 1994లో వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్ లీ పెట్టిన సంస్థ, కొన్నేళ్లు నిజంగానే అదే పెద్దదిక్కు. తర్వాత అది ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 2 అంటూ పాత పేజీలతో పొసగని దారి పట్టింది. అది నచ్చని యాపిల్, మొజిల్లా, ఒపెరా వాళ్లు 2004లో విడిగా వాట్‌డబ్ల్యూజీ అనే గుంపు కట్టుకుని, వెబ్ పేజీలు రాసే భాషగా అప్పటికే ఉన్న హెచ్‌టీఎంఎల్‌నే పెంచుకుంటూ పోయారు. గెలిచింది వాళ్లే. 2014లో హెచ్‌టీఎంఎల్5 డబ్ల్యూ3సీ ముద్రతో వచ్చినా, రెండు చోట్లా రెండు ప్రతులు నడిచిన గందరగోళం 2019లో ఒప్పందం కుదిరేదాకా తీరలేదు. ఇప్పుడు హెచ్‌టీఎంఎల్‌కి వెర్షన్ నంబర్ లేదు, అది నిత్యం మారే ఒకే డాక్యుమెంట్. ఇంటర్వ్యూల్లో "హెచ్‌టీఎంఎల్6 ఎప్పుడొస్తుంది" అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు, రాదు.

అసలు పెత్తనం కమిటీదీ కాదు, బ్రౌజర్లదీ కాదు, పాత సైట్లది. 2018లో జావాస్క్రిప్ట్ (వెబ్ పేజీలని నడిపించే ప్రోగ్రామింగ్ భాష) అర్రేలకి, అంటే జాబితాలకి, ఫ్లాటెన్ అనే కొత్త మెథడ్ (రెడీమేడ్ కమాండ్) పెడదామనుకున్నారు. ఎప్పటిదో మూటూల్స్ అనే లైబ్రరీ (సైట్లు వాడుకునే రెడీమేడ్ కోడ్) అదే పేరుతో తన సొంతది పెట్టుకుని ఉంది, ఫైర్‌ఫాక్స్ టెస్ట్ బిల్డ్‌లో కొత్తది రాగానే ఆ లైబ్రరీ వాడిన ఒక సైట్ పాడైంది. "అయితే పాడవనీ, వాళ్లే సరిచేసుకుంటారు" అనొచ్చు కదా? అనరు. ఆ సైట్ తెరిచిన మనిషి తప్పు బ్రౌజర్‌దే అనుకుంటాడు, అప్‌డేట్ చేశాకే పాడైంది కాబట్టి. చివరికి పేరునే ఫ్లాట్ అని మార్చారు. మీ క్రోమ్ నేటికీ ప్రతి సర్వర్‌కీ తనని తాను మొజిల్లా 5.0 అని పరిచయం చేసుకోవడం కూడా ఇలాంటి పాత బాకీయే.

ప్రైవసీ లోపాలు సరిదిద్దడానికి ఏళ్లు పట్టేది కూడా చాలావరకు ఇందుకే. ఒకసారి వెబ్‌లోకి వచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడం అంటే, దాని మీద ఎవరో ఎక్కడో కట్టుకున్నది కూల్చడం.

అపోహ: అన్నీ క్రోమ్ లోపలిదే వాడతాయి, ఏదైనా ఒకటే

ఎడ్జ్, ఒపెరా, బ్రేవ్ వాడేది క్రోమ్‌కి ఆధారమైన క్రోమియమే, నిజం. కానీ సఫారీ ఇంజిన్ (పేజీని తెర మీద చూపించే లోపలి భాగం) వెబ్‌కిట్, ఫైర్‌ఫాక్స్‌ది గెకో. ఐఫోన్‌లో క్రోమ్ పెట్టుకున్నా లోపల నడిచేది వెబ్‌కిటే, అయితే యూరోపియన్ యూనియన్‌లో 2024 నుంచి వేరే ఇంజిన్‌కి అనుమతి ఉంది. ఇంజిన్ ఒకటే అయినా డిఫాల్ట్ సెట్టింగ్స్ వేరు, పైన కలుపుకున్న ఫీచర్లు వేరు, బ్రేవ్‌కీ క్రోమ్‌కీ ప్రైవసీలో తేడా అక్కడే.

అపోహ (డెవలపర్లకి): పేరున్న సీడీఎన్ నుంచి లైబ్రరీ పెడితే యూజర్ క్యాష్‌లో ముందే ఉంటుంది

సీడీఎన్ అంటే చాలా సైట్లకి ఒకే చోటి నుంచి ఫైళ్లు అందించే సర్వీస్, క్యాష్ అంటే బ్రౌజర్ మళ్లీ వాడుకోవడానికి దాచుకున్న కాపీలు. ఆ మాట ఒకప్పుడు నిజం. ఒక సైట్ క్యాష్ చేసింది ఇంకో సైట్‌కి వేగంగా లోడ్ అయితే, మీరు ఆ మొదటి సైట్‌కి వెళ్లారని రెండోదానికి తెలిసిపోతుంది. అందుకే 2020లో క్రోమ్, 2021లో ఫైర్‌ఫాక్స్ క్యాష్‌ని సైట్ల వారీగా విడదీశాయి, సఫారీ అంతకుముందే చేసింది. ఇప్పటికీ కోడ్ రివ్యూల్లో ఈ వాదన వినిపిస్తే నాకు చిరాకే.

అపోహ: ప్రైవసీ ఎక్స్‌టెన్షన్లు ఎన్ని పెడితే అంత మంచిది

"అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా చదవడానికి, మార్చడానికి" అని అనుమతి అడిగే ఎక్స్‌టెన్షన్‌కి మీ బ్యాంక్ పేజీ కూడా కనిపిస్తుంది. ఈ రోజు మంచిదే కావచ్చు, రేపు దాన్ని ఇంకెవరో కొనుక్కుంటే అప్‌డేట్ చడీచప్పుడు లేకుండా వచ్చేస్తుంది. మంచి యాడ్ బ్లాకర్ ఒకటి చాలు.

అపోహ: పాస్‌వర్డ్‌లు బ్రౌజర్‌లో సేవ్ చేయకూడదు

షేర్డ్ కంప్యూటర్‌లో అయితే చేయకండి, సరే. మీ సొంత మెషీన్‌లో, స్క్రీన్ లాక్ ఉంటే, గుర్తుంచుకోగలిగిన ఒకే పాస్‌వర్డ్‌ని పది చోట్ల వాడటం కంటే ఇది ఎంతో నయం. దీనికి ఇంకో లాభం కూడా ఉంది, జనం పట్టించుకోరు: బ్రౌజర్ పాస్‌వర్డ్‌ని డొమైన్‌తో, అంటే సైట్ అడ్రస్‌తో, కట్టి ఉంచుతుంది. అచ్చం మీ బ్యాంక్‌లాగే ఉన్న దొంగ పేజీ చూసి మీ కళ్లు మోసపోతాయి గానీ, ఒక్క అక్షరం తేడా ఉన్నా బ్రౌజర్ పాస్‌వర్డ్ నింపదు. 2019లో స్టాండర్డ్ అయిన వెబ్ఆథన్, దాని మీద వచ్చిన పాస్‌కీలు (పాస్‌వర్డ్ బదులు మీ ఫోన్‌లోనో మెషీన్‌లోనో దాచిన డిజిటల్ తాళంచెవితో లాగిన్ అయ్యే పద్ధతి) ఇదే ఆలోచనని ఇంకా గట్టిగా అమలుచేస్తాయి, అక్కడ దొంగ పేజీలో మీరు టైప్ చేసి పోగొట్టుకోవడానికి పాస్‌వర్డే ఉండదు. కాబట్టి ఎప్పుడూ దానంతటదే నిండే లాగిన్ బాక్స్ ఒకరోజు ఖాళీగా కనిపిస్తే, కాపీ పేస్ట్ చేసేయకుండా ముందు పైన అడ్రస్ చూడండి.