బోదకాలుకు సబ్బునీళ్లా, వేల రూపాయల తైలమా?

గోదావరి డెల్టాలో బోదకాలు గురించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. అమలాపురం, రాజోలు, నరసాపురం, భీమవరం చుట్టుపక్కల ఊళ్లలో ఏళ్ల తరబడి ఆ బరువు మోస్తున్న పెద్దవాళ్లు తెలియనివారు తక్కువ. కొత్తగా వచ్చినవి ఫోన్లలో కనబడే ప్రకటనలు. ఆపరేషన్ లేకుండా, మూడు నెలల కోర్సుతో కాలు మామూలైపోతుందంటూ తైలాలు, క్యాప్సూళ్లు, పౌడర్లు వేల రూపాయలకు అమ్ముతున్నారు. అదే మనిషి పీహెచ్‌సీకి, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళితే సబ్బుతో కాలు ఎలా కడుక్కోవాలో చూపించి పంపుతారు. ఇంత పెద్ద జబ్బుకి కాళ్లు కడుక్కోమంటారా అని చాలామందికి మనసు చివుక్కుమంటుంది. ఆ బాధలో న్యాయముంది. కానీ ఈ రెండింటిలో ఏది పనిచేస్తుందో ఇప్పటికే తేలిపోయింది. అది తేలిన దారిలో మన భీమవరానికీ చోటుంది.

ఈ జబ్బుకి కారణం వుచరేరియా బాంక్రాఫ్టీ అనే దారంలాంటి పురుగు. దాని పిల్లలు రోగి నెత్తుట్లో తిరుగుతాయని 1872లో కలకత్తాలో తిమోతి లూయిస్ అనే డాక్టరు చూశాడు. వాటిని దోమ తీసుకుంటుందని 1877లో చైనాలో పాట్రిక్ మాన్సన్ కనిపెట్టాడు. మన దగ్గర ఆ పని చేసేది క్యూలెక్స్ దోమ. దానికి మురికినీరు కావాలి. 1847 నుంచి 1852 దాకా కట్టిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాకి అన్నం పెట్టింది, అందులో రెండోమాట లేదు. అయితే వాలు లేని నేలలో మురుగు కదలదు. ఊళ్లు పెరిగి ఇళ్ల వాడకం నీరంతా సందుల్లోని కచ్చా కాలువల్లో నిలిచిపోయాక క్యూలెక్స్‌కి కరువే లేకుండా పోయింది.

పెద్ద పురుగులు శరీరంలోని శోషరస నాళాల్లో, అంటే ఒంట్లో ఊరే నీటిని తిరిగి నెత్తుట్లోకి చేర్చే సన్నటి గొట్టాల్లో, ఆరు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతాయి. వాటి పిల్లలు మాత్రం రాత్రిపూటే నెత్తుట్లోకి వస్తాయి. ఆరోగ్య సిబ్బంది రాత్రివేళ ఇంటికొచ్చి వేలిమీద రక్తం తీసేది అందుకే. పురుగు చేరిన చాలా ఏళ్లకు గాని కాలు వాచదు. పురుగు చేరడానికీ కాలు వాయడానికీ మధ్య అంత కాలం గడిచిపోవడంతో తర్వాత ఎన్నో అపోహలు పుట్టాయి.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి, అక్కడి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, తర్వాత అమెరికా వెళ్లారు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో ఉన్న అమెరికా సైనికులు వేలాదిమందికి ఫైలేరియా, అంటే బోదకాలు తెచ్చే ఈ జబ్బే, సోకింది. దానికి సరైన మందు లేదు. లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో సుబ్బారావు నడిపిన బృందం 1947లో డైఇథైల్ కార్బమజైన్, అంటే డీఈసీని బయటకు తెచ్చింది. మరుసటి ఏడే ఆయన చనిపోయారు. హెట్రజాన్ పేరుతో మన ఊళ్లకు వచ్చింది ఆ మందే. ఖరీదైన మందే గట్టి మందు అనుకునేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఈ సంగతి. ప్రపంచంలో కోట్లమంది మింగిన ఈ బిళ్ల కొనుక్కున్నా చిల్లర డబ్బులతో వచ్చేస్తుంది.

మరి అంత చవకైన మంచి మందుండగా జబ్బు ఇన్నేళ్లు ఎందుకు మిగిలింది? 1955లో కేంద్రం జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టి, జబ్బున్న ప్రాంతాల్లో అందరికీ డీఈసీ పంచింది. నెత్తుట్లో పురుగు పిల్లలున్నవాళ్లు బిళ్ల వేసుకుంటే అవి ఒక్కసారిగా చచ్చి జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు వస్తాయి. మందు పనిచేస్తోందనడానికి అదే గుర్తు. జనానికి ఆ ముక్క ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఆరోగ్యంగా తిరుగుతున్నవాడు బిళ్ల మింగి మంచం పట్టాడంటే ఆ మాట ఊరంతా పాకడానికి ఎంతసేపు? జనం బిళ్లలు తీసుకోవడం మానేశారు. 1960ల మొదట్లో సమీక్ష జరిపి అందరికీ మందు పంచడం ఆపేశారు. ఆ తర్వాత పట్టణాల్లో మురుగుపై దోమల మందు నూనె చల్లడం మీదే ఎక్కువ దృష్టి పెట్టారు. రాజమండ్రిలో ఫైలేరియా శిక్షణ, పరిశోధన కేంద్రం ఉండి కూడా పల్లెల్లో మాత్రం ‘ఆ బిళ్ల వేసుకుంటే జ్వరమొస్తుంది’ అన్న మాటే నిలిచిపోయింది. ఏటా ఇంటికొచ్చి ఇచ్చే మాత్రలు ఇప్పటికీ కొందరు చేతిలోకి తీసుకుని దిండు కింద పెట్టేస్తున్నారంటే, దాని మూలం అప్పుడు చెప్పకుండా వదిలేసిన ఆ ముక్కలో ఉంది.

ఏడాదికి ఒక్క మోతాదు చాలని తర్వాతి పరిశోధనల్లో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో ఫైలేరియా నిర్మూలన కార్యక్రమం ప్రారంభించింది. మన దేశంలో 2004 నుంచి సామూహికంగా మందు మింగించడం పెద్ద ఎత్తున మొదలైంది. డీఈసీకి తర్వాత ఆల్బెండజోల్, 2018 నుంచి కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందులు తోడయ్యాయి. ఈ మాత్రలు ఖాళీ కడుపుతో వేసుకోకూడదు. గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు, తీవ్ర జబ్బుతో ఉన్నవాళ్లకు ఇవ్వరు. జపాన్ కంపెనీ ఐసాయి 2013 నుంచి డీఈసీ మాత్రలను మన విశాఖపట్నం ప్లాంటులో తయారుచేసి ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఉచితంగా ఇస్తోంది.

డీఈసీకి ఒక హద్దుంది. అది నెత్తుట్లోని పురుగు పిల్లలను చంపుతుంది, పక్కవాళ్లకు జబ్బు పాకకుండా ఆపుతుంది. అప్పటికే వాచిన కాలును మాత్రం తగ్గించలేదు. ‘బోదకాలు బిళ్ల’ అని వింటూ ఏళ్ల తరబడి మింగిన మనిషికి కాలు అలాగే ఉంటే మోసపోయానని అనిపించదా? వాచిన కాలు సంగతి ఏమిటని అడిగినవాళ్లకు చాలాకాలం ప్రభుత్వ ఆసుపత్రుల్లో సమాధానమే దొరకలేదు. తైలాల వ్యాపారం వచ్చి కూర్చున్నది ఆ ఖాళీలోనే.

సమాధానం బ్రెజిల్‌లోని రెసిఫె పట్టణం నుంచి వచ్చింది. అక్కడ జెరూసా డ్రేయర్ అనే డాక్టరు, ఆమె సహచరులు 1990లలో రోగులను ఏళ్ల తరబడి దగ్గరగా చూశారు. మనవాళ్లకు బాగా తెలిసిన లక్షణమే, ఉన్నట్టుండి చలిజ్వరం, గజ్జల్లో బిళ్ల కట్టి వాపు, కాలు ఎర్రబడి మంట. ఇది పురుగు వల్ల వస్తుందని అంతకుముందు అనుకునేవారు. చాలావరకు బాక్టీరియా వల్ల వస్తుందని వాళ్లు చూపించారు. ఆ బాక్టీరియా లోపలికి వెళ్లేది కాలివేళ్ల మధ్య నాని చిట్లిన చర్మం నుంచి. జ్వరం వచ్చిపోయిన ప్రతిసారీ నాళాలు ఇంకాస్త పాడై కాలు ఇంకాస్త పెరుగుతుంది. ఊడ్పుల్లో, చేపల చెరువుల దగ్గర రోజంతా నీళ్లలో నిలబడే మన కూలీలకు ఇది ఎంత దగ్గరి సంగతో వేరే చెప్పాలా?

సబ్బు సలహా వెనుక ఉన్న కారణం ఇదీ. మామూలు సబ్బు, చల్లటి శుభ్రమైన నీళ్లతో రోజూ కడగాలి. వేళ్ల సందులు మెత్తటి గుడ్డతో తడి లేకుండా తుడవాలి. అక్కడ పుండో, తెల్లటి ఫంగసో ఉంటే పీహెచ్‌సీలో ఇచ్చే క్రీమ్ రాయాలి. పడుకున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టాలి, మడమ ఆడించే వ్యాయామం చేయాలి, చెప్పులు లేకుండా తిరగకూడదు. ఇలా చేస్తే జ్వరాలు బాగా తగ్గుతాయి, వాసన పోతుంది, మొదటి దశలో వాపు కూడా దిగుతుంది. బాగా ముదిరిన కాలు మళ్లీ సన్నబడదు. ఆ మాట రోగికి నిజాయితీగా చెప్పాలి.

తైలాలవాళ్లు చూపించే ‘ముందు, తర్వాత’ ఫొటోల సంగతి ఇక్కడే అర్థమవుతుంది. మొదటి దశ వాపు రాత్రి పడుకుని లేస్తే దానంతటదే తగ్గుతుంది. జ్వరంతో ఉబ్బిన కాలు కొద్దిరోజుల్లో కొంత దిగుతుంది. ఆ రోజుల్లో ఏది రాసినా పేరు దానికే పోతుంది. పైగా జ్వరం, ఎరుపు ఉన్నప్పుడు గట్టిగా మర్దనా చేసినా, వేడి కాపడం పెట్టినా హాని. అప్పుడు కావలసింది విశ్రాంతి, చల్లటి తడిగుడ్డ, డాక్టరు రాసిన యాంటీబయాటిక్.

ప్రాచీన వైద్యం పేరు చెప్పి అమ్మడం నాకు మరీ బాధ కలిగిస్తుంది. సుశ్రుత సంహితలో దీన్ని శ్లీపదం అన్నారు. పాత నీరు నిలిచి, అన్ని రుతువుల్లోనూ చల్లగా ఉండే చోట్ల ఇది ఎక్కువగా వస్తుందని అందులో ఉంది, అచ్చం మన డెల్టాను చూసి రాసినట్టు. ఏడాది దాటి, బాగా పెరిగి పుట్టలా గడ్డలు కట్టిన కాలును నయం చేయడానికి పూనుకోవద్దని కూడా అదే చెప్పింది. ఇరవై ఏళ్ల బోదకాలు మూడు నెలల్లో పోతుందనేవాళ్లకు ఆ గ్రంథం అండగా నిలవదు.

అలాగని చవకైన ప్రతి చిట్కా మంచిదనీ కాదు. జిల్లేడు పాలు పూస్తే చర్మం పొక్కి పుండవుతుంది, బాక్టీరియాకు తలుపు తీసినట్టే. ఖర్చయ్యేదంతా మోసమూ కాదు. డాక్టరు చూసి కట్టించే బిగుతు బ్యాండేజీ వాపును అదుపులో ఉంచుతుంది. ఈ పురుగు వల్లే వచ్చే వరిబీజానికి (వృషణాల తిత్తిలో నీరు చేరడానికి) ఆపరేషనే మందు, అది ప్రభుత్వ ఆసుపత్రిలో చేస్తారు. 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం మందులతో నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల జాబితాలో వరిబీజాన్ని చేర్చింది కూడా. అయినా ప్రకటనలు ఆగలేదు.

2027 నాటికి ఫైలేరియాను నిర్మూలించాలని దేశం లక్ష్యం పెట్టుకుంది. కొత్తవాళ్లకు సోకకపోవడమే అక్కడ లెక్క. ఇప్పటికే కాలు వాచినవాళ్లు ఆ తర్వాతా మన మధ్యే ఉంటారు. వాళ్లకు టబ్బు, మగ్గు, తువ్వాలు, సబ్బు, క్రీమ్ ఉన్న కిట్లు ఇస్తున్నారు. టబ్బు ఏళ్లపాటు ఉంటుంది, సబ్బు, క్రీమ్ కొద్ది వారాల్లో అయిపోతాయి. అవి నెలనెలా అందాలి. ఆశా కార్యకర్త రెండు నెలలకోసారైనా ఇంటికొచ్చి కాలివేళ్ల సందులు చూడాలి. జిల్లా మలేరియా కార్యాలయాలను మన పంచాయతీలు గట్టిగా అడగాల్సింది ఈ రెండే.