పోయిన మెయిల్‌బాక్సులు: అపోహలు - వాస్తవాలు

ఆఫీసుల మెయిల్స్ నడిపే మైక్రోసాఫ్ట్ ఎక్స్చేంజ్ సర్వర్‌లో మెయిల్స్ పోయాయని ఎవరు ఫోన్ చేసినా నేను ముందు అడిగేది, "ఇప్పటిదాకా ఏమేం చేశారు?" అని. సర్వర్ పడిపోయినప్పుడు పోయే డేటా కంటే ఆ తర్వాతి కంగారులో పోయేదే ఎక్కువ.

అపోహ: షిఫ్ట్ డిలీట్ కొడితే మెయిల్ ఇక దొరకదు.

దొరుకుతుంది. అది రికవరబుల్ ఐటమ్స్ అనే కనపడని ఫోల్డర్‌లోకి వెళ్తుంది. ఎవరూ సెట్టింగ్ మార్చకపోతే 14 రోజులు అక్కడే ఉంటుంది, అవుట్‌లుక్ నుంచి యూజరే వెనక్కి తెచ్చుకోవచ్చు. అకౌంట్‌తో పాటు డిలీట్ అయిన మెయిల్‌బాక్స్ అయితే డేటాబేస్‌లో 30 రోజులు ఉంటుంది. మరో అకౌంట్‌కి కలిపితే చాలు.

అపోహ: డేటాబేస్ మౌంట్ కాకపోతే (అంటే సర్వర్ దాన్ని తెరవలేకపోతే) వెంటనే రిపేర్ కొట్టాలి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఎక్స్చేంజ్‌తో వచ్చే ఈఎస్ఈయుటిల్ అనే కమాండ్ టూల్‌తో డేటాబేస్ ఫైల్ హెడర్ (ఫైల్ మొదట్లో ఉండే వివరాలు) చూస్తే 'డర్టీ షట్‌డౌన్' అని వస్తుంది. ఆ మాట చూడగానే ఫైల్ పాడైందని టెన్షన్ పడతారు. నిజానికి, ప్రతి మార్పునూ ముందుగా రాసుకునే లాగ్ ఫైళ్లలో ఉన్న కొన్ని మార్పులు ఇంకా ఈడీబీ ఫైల్‌లోకి (మెయిల్స్ ఉండే అసలు డేటాబేస్ ఫైల్) ఎక్కలేదని మాత్రమే దాని అర్థం. అదే హెడర్‌లో 'లాగ్ రిక్వైర్డ్' అన్న లైన్ చూడండి. 8421-8425 అని ఉందనుకుందాం. ఆ ఐదు లాగ్‌లూ బాగుంటే అదే టూల్‌లో స్లాష్ ఆర్ (/r)తో సాఫ్ట్ రికవరీ, అంటే ఆ లాగ్‌లలోని మార్పులను డేటాబేస్‌లోకి ఎక్కించే పని, నడపండి, సాధారణంగా డేటాబేస్ లేచి కూర్చుంటుంది. ఫైల్ పేర్లలో ఉండేవి హెక్సాడెసిమల్ (16 ఆధారంగా లెక్కించే) అంకెలు కాబట్టి 8421 అని వెతికితే కనపడదు, 20ఈ5 అని వెతకాలి. చాలామంది ఇక్కడే లాగ్‌లు లేవనుకుని రిపేర్ కమాండ్ అయిన స్లాష్ పి (/p) కొట్టేస్తారు. ఆ రిపేర్ లాగ్‌ల జోలికే పోదు. చదవలేని పేజీలను తీసి పారేస్తుంది, అందులో ఎవరి మెయిల్స్ ఉన్నా సరే. ఆ తర్వాత పాత లాగ్‌లు ఆ ఫైల్‌కి పనికిరావు.

అందుకే దేన్నీ ముట్టుకోకముందే ఈడీబీనీ, లాగ్‌లన్నిటినీ వేరే డిస్క్‌కి కాపీ చేయండి. డిస్క్ నిండిందని 1 ఎంబీ లాగ్ ఫైళ్లను చేత్తో డిలీట్ చేయకండి. ఫుల్ బ్యాకప్ సరిగ్గా పూర్తయితే అవసరం తీరినవి వాటంతటవే పోతాయి.

అపోహ: డాగ్‌లో (DAG, ఒకే డేటాబేస్ కాపీలను పలు సర్వర్లలో ఉంచే ఏర్పాటు) కాపీలు ఉన్నాయి, బ్యాకప్ దేనికి?

కాపీలు డిస్క్ పోతే ఆదుకుంటాయి. ఎవరైనా మెయిల్స్ తుడిచేస్తే ఆ తుడిపివేత కూడా క్షణాల్లో అన్ని కాపీలకూ చేరిపోతుంది. కావాలని ఆలస్యంగా నడిపే ల్యాగ్డ్ (lagged) కాపీ ఉంటే కొంత ఊరట, దానికీ హద్దు 14 రోజులే.

అపోహ: సర్వర్‌లో లేకపోతే ఇంకెక్కడా ఉండదు.

యూజర్ల ల్యాప్‌టాప్‌లలో ఓఎస్‌టీ ఫైళ్లు (అవుట్‌లుక్ దాచుకునే మెయిల్‌బాక్స్ కాపీలు) ఉంటాయి. ముందు నెట్ తీసేసి, అవుట్‌లుక్‌ను ఆఫ్‌లైన్‌లో తెరిచి పీఎస్‌టీగా (మెయిల్స్‌ను విడిగా దాచుకునే అవుట్‌లుక్ ఫైల్) ఎక్స్‌పోర్ట్ చేయండి.

ఇక మెయిల్ ఆగిందని పైనుంచి ఒత్తిడి వస్తుంటే, ఆ తొందరలో రిపేర్‌కి దిగకండి. ఖాళీ డేటాబేస్ ఒకటి మౌంట్ చేసి యూజర్లను దానిమీదికి మార్చండి, కొత్త మెయిల్స్ రావడం మొదలవుతుంది. బ్యాకప్‌ను రికవరీ డేటాబేస్‌లోకి (బ్యాకప్‌లోని మెయిల్స్ తీయడానికి వాడే విడి డేటాబేస్) తెచ్చుకుని, పాత మెయిల్స్‌ను మెయిల్‌బాక్స్ రిస్టోర్ రిక్వెస్ట్ అనే ఎక్స్చేంజ్ కమాండ్‌తో ఒక్కొక్కరికీ కలుపుకుంటూ రావచ్చు. ముందు ఒక్క మెయిల్‌బాక్స్ కలిపి, ఆ యూజర్‌నే కూర్చోబెట్టి చూపించండి. ఏ ఫోల్డర్ తగ్గిందో వాళ్లే చెప్పగలరు.