గంట దూరపు వేర్‌హౌస్ స్టోర్ నుంచి ఇంటి పెనం దాకా: స్టేక్ గురించి అపోహలు – వాస్తవాలు

అమెరికాలో కాస్ట్‌కో, సామ్స్ క్లబ్ లాంటి స్టోర్లకు దూరంగా ఉండేవాళ్ళు మాంసం కోసేవాళ్ళని అడిగేవి రెండే: రేటెంత, పెనం మీద ఎంతసేపు ఉంచాలి? స్టేక్ (మందంగా కోసి పెనం మీద కాల్చే బీఫ్ ముక్క) బాగా కుదరడం, చెడిపోవడం ఎక్కువగా తేలిపోయేది ఈ రెంటికీ మధ్య. అంటే కారులో, ముక్క కోసే పీట దగ్గర, ఫ్రీజర్‌లో. కింద రాసిన ఉష్ణోగ్రతలన్నీ ఫారెన్‌హీట్‌లోనే.

అపోహ: టోకున కొంటే ఎప్పుడూ చవకే.

కాగితం మీద లెక్క వేసి చూడండి. స్టోర్ 60 మైళ్ళ దూరంలో ఉంటే రానూపోనూ 120. గాలన్‌కి 25 మైళ్ళు ఇచ్చే కారుకి దాదాపు 5 గాలన్లు పెట్రోలే పోతుంది. అరుగుదల, టైర్లు, ఇన్సూరెన్సు కూడా కలిపి చూసే అమెరికా పన్నుల శాఖ (ఐఆర్ఎస్) వ్యాపార ప్రయాణ రేటు 2025లో మైలుకి 70 సెంట్లు. ఆ లెక్కన ట్రిప్పుకి 84 డాలర్లు. 14 పౌండ్ల స్ట్రిప్ లోయిన్ (నడుము దగ్గరి పొడుగాటి బీఫ్ కండ) మీద పౌండుకి 3 డాలర్లు మిగిలినా వచ్చేది 42. మాంసం ఒక్కదాని కోసం వెళ్తే నష్టమే. నూనె, బియ్యం, డిటర్జెంట్, టైర్ల మార్పిడి అన్నీ ఒకే ట్రిప్పులో కలిస్తేనే గిడుతుంది. కాస్ట్‌కో సాధారణ సభ్యత్వం 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 65 డాలర్లు. దాన్ని కూడా ట్రిప్పుల మీద పంచుకోవాలి.

చాలామంది మరిచిపోయే ఇంకో లెక్క, తరుగు. పౌండు 9 డాలర్ల చొప్పున 14 పౌండ్ల ముక్క కొన్నారనుకోండి, 126 డాలర్లు. పై కొవ్వు, పొరలు తీసేసరికి పది శాతం పోతే చేతికొచ్చేది 12.6 పౌండ్లు. అంటే అసలు రేటు పౌండుకి 10. కోసి పెట్టిన స్టేక్ రేటుతో పోల్చాల్సింది ఈ 10నే, లేబుల్ మీది 9ని కాదు.

అపోహ: ట్రేలో కోసి పెట్టిన స్టేక్, వాక్యూమ్ ప్యాక్‌లోని పెద్ద ముక్క రెండూ ఒకటే, రేటే తేడా.

అన్ని వేళలా కాదు. ఇక్కడ లేబుల్ చదవకపోతే డబ్బు కాదు, ఆరోగ్యం పోతుంది.

కోసిన స్టేక్‌లను మెత్తబరచడానికి కొన్నిచోట్ల సన్నని బ్లేడ్లు, సూదులు ఉన్న యంత్రంలోంచి పంపుతారు. కండ తెగి ముక్క మెత్తబడే మాట నిజమే. అయితే మామూలు స్టేక్‌లో ఈ-కోలై లాంటి బాక్టీరియా ఉంటే పైపైనే ఉంటుంది, పెనం వేడికి చచ్చిపోతుంది. లోపల ఎర్రగా ఉన్నా తినగలుగుతున్నది అందుకే. సూది దిగితే పైనున్నది లోపలికి పోతుంది. అప్పుడు పైన ఎంత మాడ్చినా లోపలి దానికి వేడి తగలదు.

అందుకే అలా చేసిన పచ్చి బీఫ్ మీద ఆ సంగతి, ఎంత ఉడికించాలో సూచన రెండూ రాయాలని 2016 మే నుంచి అమెరికా వ్యవసాయ శాఖ నిబంధన ఉంది. రేటు స్టిక్కర్ చుట్టుపక్కల చిన్న అక్షరాల్లో ‘బ్లేడ్ టెండరైజ్డ్’ అనో ‘మెకానికల్లీ టెండరైజ్డ్’ అనో ఉంటుంది. కింద 145 డిగ్రీలు, 3 నిమిషాల విరామం అనో, 160 అనో ఉంటుంది. ఆ ముక్కని మీడియం రేర్ (లోపల ఇంకా ఎర్రగా ఉండేలా) చేయకండి. మీడియం రేర్ ఇష్టమైనవాళ్ళు ఆ మాట లేని ముక్కే వెతుక్కోవాలి. వాక్యూమ్ ప్యాక్‌లో వచ్చే పూర్తి స్ట్రిప్ లోయిన్, రిబ్‌ఐ (పక్కటెముకల దగ్గరి కండ) సాధారణంగా సూది తగలనివే ఉంటాయి. అయినా లేబుల్ చూసే కొనండి.

ప్రైమ్, చాయిస్, సెలెక్ట్ అనే గ్రేడులు వేరే సంగతి. అవి ప్రధానంగా కండలో సన్నగా అల్లుకున్న కొవ్వుని చూసి ఇచ్చేవి. గ్రేడింగ్ ఐచ్ఛికం, ఆరోగ్య తనిఖీ తప్పనిసరి. గ్రేడ్ ముద్ర లేనంత మాత్రాన తనిఖీ జరగలేదని కాదు.

అపోహ: పెద్ద ముక్కని ఇంట్లో కోయడం మన వల్ల కాదు.

ఇలా ప్యాక్‌లో వచ్చే స్ట్రిప్ లోయిన్‌లో సాధారణంగా ఎముక ఉండదు, కీలు ఉండదు. ఇంతకన్నా తేలికైన ముక్క లేదు. రిబ్‌ఐ కూడా ఎముక తీసింది కొనుక్కుంటే అంతే. కావలసింది 10 నుంచి 12 అంగుళాల పదునైన స్లైసింగ్ కత్తి, పెద్ద పీట, పీట జారకుండా కింద తడిగుడ్డ, ఒక స్కేలు.

ప్యాకెట్ సింకులో పెట్టి తెరవండి, ఎర్రనీళ్ళు కారతాయి. తెరవగానే కాస్త పుల్లటి వాసన వస్తే కంగారు వద్దు. గాలాడక పట్టిన వాసన అది, పావుగంట, ఇరవై నిమిషాల్లో పోతుంది. పోకుండా కుళ్ళు వాసనగానే ఉండి, చేతికి జిగురుగా తగిలితే తిరిగి ఇచ్చేయండి. పేపర్ టవల్‌తో అన్ని వైపులా ఒత్తి తుడిచి, పై కొవ్వుని పావు అంగుళం మందం మిగిలేలా చెక్కండి. పక్కన వెండిలా మెరిసే గట్టి పొర కనిపిస్తే దాని కింద కత్తి మొన దూర్చి, అంచుని కాస్త పైకి వాల్చి లాగితే పట్టీలా వస్తుంది.

ఇక్కడ రెండు కొసలూ ఒకటి కాదని గుర్తుంచుకోవాలి. పక్కటెముకల వైపు కొసలో కోస్తే ఒకే నున్నటి కండ కనిపిస్తుంది. రెండో కొస, అంటే సర్లాయిన్ (తుంటి దగ్గరి కండ) వైపు కోస్తే ఆ కోత ముఖం మీద నెలవంకలా వంగిన తెల్లటి గట్టి పొర ఉంటుంది. పెనం మీద వేగిన ఆ కాసేపట్లో అది మెత్తబడదు, పంటికింద రబ్బరులా ఉంటుంది. ఆ కొస నుంచి వచ్చే ఒకటి రెండు ముక్కల్ని స్టేక్ లెక్కలో వేయకండి. పొర వెంబడి చీల్చి తీసేసి, మిగతాది సన్నగా తరిగి వేపుడుకో కబాబ్‌కో పక్కన పెట్టండి.

మిగతా పొడుగంతా కొవ్వు మీద అంగుళంన్నరకి ఒక గాటు చొప్పున ముందే గుర్తు పెట్టుకుని, కత్తి మడమ (పిడి దగ్గరి అంచు) నుంచి మొన దాకా ఒక్క లాగుడుతో కోయండి. రంపంలా ముందుకీ వెనక్కీ ఆడిస్తే ముఖం చిరుగులు పడుతుంది, అలాంటి ముఖం పెనానికి సమంగా ఆనదు. కండ జారుతుంటే అరగంట ఫ్రీజర్‌లో పెట్టి తీయండి. 14 పౌండ్ల లోయిన్‌కి ఆ కొస ముక్కలతో కలిపి సుమారు పది ముక్కలు వస్తాయి. ఒక్కోటి పౌండుంపావు, ఇద్దరికి సరిపోతుంది. తలో పల్చటి ముక్క చేసుకోవడం కన్నా ఇద్దరూ ఒక మందపాటిది పంచుకోవడమే మేలు. ముప్పావు అంగుళం ముక్క పైన రంగు పట్టేలోపే లోపల ఉడికిపోతుంది.

అపోహ: కారులో ఏసీ ఉంటే చాలు.

40 నుంచి 140 డిగ్రీల మధ్య బాక్టీరియా వేగంగా పెరుగుతుంది. ఆ వేడిలో మాంసం మొత్తం మీద రెండు గంటలకు మించి ఉండకూడదు, బయట 90 దాటితే ఒక్క గంటే. గంట ప్రయాణానికి చెకౌట్ వరుస, దింపుకోవడం కలపండి, గడువు అయిపోయినట్టే. పల్చటి ఇన్సులేటెడ్ సంచి అరగంట దారికి పనికొస్తుంది, అంతే.

గట్టి కూలర్ తీసుకెళ్ళండి. ముందురోజు రాత్రే లోపల ఐస్ వేసి చల్లబరచండి. గదిలో వేడెక్కిన కూలర్ మొదటి ఐస్‌నంతా తనే తినేస్తుంది. ఒక రోజు ముందు నుంచీ ఫ్రీజర్‌లో గడ్డకట్టిన జెల్ ప్యాకులు అడుగున, పైన, మధ్యలో మాంసం. ఖాళీ మిగిలితే స్టోర్‌లోనే ఒక ఐస్ బస్తా కొని నింపండి. చికెన్ ప్యాకెట్లు కారతాయి కాబట్టి వేరే సంచిలో, అన్నిటికన్నా కింద. మాంసం కౌంటర్‌కి చివర్లో వెళ్ళండి, కూలర్‌ని డిక్కీలో కాక సీటు మీద పెట్టండి. దారిలో ఇంకో షాపు పెట్టుకోకండి.

అపోహ: ఫ్రీజర్‌లో పడేస్తే ఇక భయం లేదు.

సున్నా డిగ్రీల దగ్గర మాంసం చెడదు, అది నిజం. అయితే బాక్టీరియా చావదు, ఆగుతుంది. కరగగానే మళ్ళీ మొదలు. ఇక రుచి సంగతి: స్టేక్‌లు 4 నుంచి 12 నెలలు, కీమా 3, 4 నెలలు బాగుంటాయి.

అసలు తప్పు ఒకేసారి అంతా కుక్కడంలో జరుగుతుంది. ఫ్రీజర్ ఘనపుటడుగుకి 24 గంటల్లో 2, 3 పౌండ్లకి మించి కొత్త సరుకు వేయకూడదు. 5 ఘనపుటడుగుల చిన్న ఫ్రీజర్‌కి రోజుకి 10 నుంచి 15 పౌండ్లు. 30 పౌండ్లు తెస్తే సగం ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు వేయండి. పచ్చి స్టేక్ ఫ్రిజ్‌లో 3 నుంచి 5 రోజులు ఉంటుంది. అంతా ఒకేసారి వేస్తే గడ్డకట్టడం ఆలస్యమై పెద్ద మంచు పలుకులు కట్టి కండని చీలుస్తాయి. కరిగించినప్పుడు ప్లేటు నిండా కారే ఎర్రనీళ్ళు అక్కడివే.

స్టోర్ ట్రే మీది పల్చటి కవర్‌తోనే నెలలు ఉంచకండి, గాలి చొరబడి అంచులు తెల్లబారతాయి. అది ఫ్రీజర్ బర్న్. ప్రమాదం లేదు కానీ అట్టముక్క నమిలినట్టుంటుంది. వాక్యూమ్ సీలర్ ఉన్నవాళ్ళు ముక్కల్ని ట్రేలో గంట, రెండు గంటలు ఫ్రీజర్‌లో పెట్టి పైపైన గట్టిపడ్డాక సీలు చేయాలి. లేకపోతే యంత్రం తడిని పీల్చి సీలు దగ్గరికి తెస్తుంది, అక్కడ అతుకు పడదు. ఆ రోజు బాగానే కనిపించి, వారం తర్వాత సంచి వదులై ఉంటుంది. సంచి మూతిని బయటికి మడిచి ముక్క దించితే మూతికి తడి అంటదు. సీలర్ లేకపోతే ప్లాస్టిక్ ర్యాప్ బిగుతుగా చుట్టి జిప్ సంచిలో పెట్టండి. సంచిని నీళ్ళ గిన్నెలో మూతి దాకా ముంచితే గాలి తనే బయటికి పోతుంది, అప్పుడు జిప్ వేయండి. పేరు, తేదీ రాయడం మానకండి. గడ్డకట్టాక స్ట్రిప్‌కీ సర్లాయిన్‌కీ తేడా తెలియదు.

అపోహ: కరిగిందాన్ని మళ్ళీ ఫ్రీజ్ చేస్తే విషం.

ఫ్రిజ్‌లోనే కరిగితే మళ్ళీ ఫ్రీజ్ చేయొచ్చు, కాస్త రసం పోతుంది, అంతే. కరగడానికి అంగుళంన్నర ముక్కకి ఒక రోజు పడుతుంది. కవర్‌తో చన్నీళ్ళలో వేసి అరగంటకోసారి నీళ్ళు మారిస్తే గంట, గంటన్నర చాలు. అలా కరిగించింది మాత్రం వెంటనే వండాలి. కౌంటర్ మీద వదిలేయొద్దు.

అపోహ: రంగు మారితే పాడైనట్టు, కారేది నెత్తురు.

వాక్యూమ్‌లో ఊదాగా, గాలి తగిలితే ఎర్రగా, ఇంకొన్నాళ్ళకి గోధుమరంగుగా మారేది మయోగ్లోబిన్ అనే కండలోని ప్రొటీన్. కారేది నీళ్ళతో కలిసిన అదే. చెడిందీ లేనిదీ చెప్పేది వాసన, జిగురు. కడగాల్సిన పనీ లేదు. కడిగితే చిందే తుంపరలతో సింకు చుట్టూ బాక్టీరియా పరుచుకోవడం తప్ప లాభం లేదు. తుడవండి చాలు.

అపోహ: ఉప్పు ముందే వేస్తే రసం కారిపోతుంది.

సగం నిజం. ఉప్పు వేసిన కొద్ది నిమిషాల్లో పైన తడి ఊరుతుంది. ఆ పది, ఇరవై నిమిషాల్లో పెనం మీద వేస్తే వేగదు, ఉడుకుతుంది. ముప్పావు గంట ఆగితే ఆ ఉప్పునీరు మళ్ళీ లోపలికి ఇంకుతుంది. కాబట్టి పెనం మీద వేసే క్షణంలో గానీ, కనీసం ముప్పావు గంట ముందు గానీ వేయండి. అన్నిటికన్నా మంచిది ముందు రాత్రే వేసి, జాలీ మీద మూత లేకుండా ఫ్రిజ్‌లో పెట్టడం. పైభాగం ఎండి తోలులా అవుతుంది, మనకి కావలసింది అదే. బరువులో ఒక శాతం, అంటే పౌండుకి నాలుగున్నర గ్రాములు. చెంచాతో కొలవకండి. కోషర్ ఉప్పు (పెద్ద పలుకుల ఉప్పు) లోనే బ్రాండుని బట్టి చెంచా బరువు దాదాపు రెట్టింపు తేడా ఉంటుంది.

గంట ముందు బయట పెట్టి గది వేడికి తేవాలనే మాట పట్టించుకోకండి. మందపాటి ముక్క లోపల ఆ కాస్త సేపట్లో పెద్దగా వేడెక్కదు.

అపోహ: ముందు బాగా కాలిస్తే రసం లోపల బందీ అవుతుంది, ఒక్కసారే తిప్పాలి.

19వ శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ప్రచారంలో పెట్టిన మాట ఇది. కాల్చిన పొర నీళ్ళని ఆపదు. పెనం మీద వినిపించే ఆ చుర్రుమనే చప్పుడే నీళ్ళు పోతున్నాయనడానికి సాక్ష్యం. కాల్చడం రుచి కోసం. ఆ గోధుమరంగు మయ్యార్ చర్య (వేడికి ప్రొటీన్లు, చక్కెరలు కలిసి రంగు, రుచి ఇవ్వడం) వల్ల వస్తుంది. అది దాదాపు 285 డిగ్రీల పైన జోరందుకుంటుంది, నీళ్ళేమో 212 దగ్గరే మరుగుతాయి. పైన తడి ఉన్నంతసేపు వేడంతా ఆవిరికే ఖర్చు.

మందపాటి ముక్కకి ముందు ఓవెన్, తర్వాత పెనం. ఓవెన్ 250 డిగ్రీలు, జాలీ మీద ముక్క, మధ్యలో 115 నుంచి 120 వచ్చేదాకా. అంగుళంన్నరకి 35, 45 నిమిషాలు, ఓవెన్‌ని బట్టి అటూ ఇటూ. ఈలోగా ఇనప పెనం మధ్యస్థ మంట మీద పది నిమిషాలు కాగనివ్వండి. ఇనుములో వేడి మెల్లగా పాకుతుంది, హడావిడిగా పెద్ద మంట పెడితే మధ్యలో మాడి అంచుల్లో చల్లగా ఉంటుంది. పొగ త్వరగా రాని రిఫైన్డ్ నూనె ఒక చెంచా, ఒక్కో వైపు నిమిషం, కొవ్వు అంచుని పటకారుతో నిలబెట్టి అర నిమిషం. వెన్న చివరి నిమిషంలోనే, ముందే వేస్తే మాడుతుంది. ఫ్యాన్ వేసి కిటికీ తీసి మొదలుపెట్టండి, పొగ అలారం గ్యారంటీ.

ఓవెన్ లేకుండా పెనం మీదే చేస్తే అర నిమిషానికోసారి తిప్పండి. త్వరగా ఉడుకుతుంది, అంచుల్లో బూడిదరంగు పట్టీ తగ్గుతుంది.

అపోహ: వేలితో నొక్కి చెప్పేయొచ్చు.

రోజూ ఒకే రకం ముక్క వందల్లో వండేవాళ్ళు చెప్పగలరేమో. ఇంట్లో కోత మారితే, గ్రేడ్ మారితే, మందం మారితే మెత్తదనం మారిపోతుంది. డిజిటల్ థర్మామీటర్‌ని పైనుంచి కాదు, పక్కనుంచి మధ్యకి గుచ్చండి. ఆ చిన్న రంధ్రంలోంచి పోయే రసం లెక్కలోది కాదు. ఐస్ నీళ్ళలో 32 చూపించకపోతే దాన్ని నమ్మకండి. రేర్ 120–125, మీడియం రేర్ 130–135, మీడియం 140–145. పెనం మీదే చేస్తే అనుకున్నదానికి 5 డిగ్రీల ముందే దించండి, మిగతాది ప్లేటులో ఎక్కుతుంది. వ్యవసాయ శాఖ సిఫారసు మాత్రం 145, ఆపైన 3 నిమిషాల విరామం. గర్భిణులు, చిన్నపిల్లలు, పెద్ద వయసువాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళు ఉంటే దాని కిందకి పోకండి. కీమాకి ఎవరికైనా 160.

పెనం మీద చేసింది 5 నుంచి 10 నిమిషాలు ఆగి కోయండి. ఓవెన్ మీదుగా వచ్చిన దానికి అంత విరామం అక్కర్లేదు. రెండింటికీ ఫాయిల్ బిగించి కప్పొద్దు, ఆవిరికి పైపొర మెత్తబడిపోతుంది. మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి. 3, 4 రోజుల్లో తినేయాలి. మళ్ళీ వేడి చేస్తే గట్టిపడుతుంది కాబట్టి, కండ పోగులకి అడ్డంగా పల్చగా కోసి చల్లగానే సలాడ్‌లోనో శాండ్‌విచ్‌లోనో వాడుకోండి.