ఆరు తీగలు, ఒక కప్పల తక్కెడ

ఫ్లోటింగ్ బ్రిడ్జి (తీగల అడుగు కొసలను పట్టి ఉంచే, చెక్కకు బిగించకుండా ఊగనిచ్చిన భాగం) ఉన్న ఎలక్ట్రిక్ గిటార్‌ను మొదటిసారి శ్రుతి చేసేవాళ్లందరికీ ఎదురయ్యే చిక్కు ఒకటే. లావు తీగతో మొదలుపెట్టి, ఒక్కొక్కటే సరిచేసుకుంటూ సన్న తీగ దాకా వస్తారు. అంతా కుదిరిందని మళ్లీ లావు తీగ మీటితే, అది కిందికి దిగిపోయి ఉంటుంది. దాన్ని పైకి తెస్తే మిగతా అయిదూ తలా కాస్త దిగుతాయి. తీగలు బిగించే కీలు జారుతున్నాయనో, గిటారే పాడైందనో అనుమానం మొదలవుతుంది. నిజానికి అప్పటికి అందులో ఏ లోపమూ లేదు.

మామూలు గిటార్‌లో బ్రిడ్జిని చెక్కకు బిగించేస్తారు. ఒక తీగను ఎంత లాగినా పక్క తీగకు ఆ సంగతి దాదాపు తెలియదు. ఫ్లోటింగ్ బ్రిడ్జి అలా కాదు. చాలా మోడళ్లలో అది రెండు స్టడ్‌ల (చెక్కలో దిగిన లోహపు మరల) మీద, కత్తిలా చెక్కిన అంచులతో ఆని నిలబడుతుంది. ఒక పక్క ఆరు తీగలు దాన్ని మెడ వైపు లాగుతుంటాయి. గిటార్ వీపులో తవ్విన గుంతలో స్ప్రింగులు దానికి ఎదురు లాగుతుంటాయి. ఈ రెండు లాగుడుల ప్రభావం సరిసమానమైన చోట బ్రిడ్జి ఆగుతుంది. అందుకే బ్రిడ్జికి తగిలించిన కడ్డీని, అంటే బార్‌ను, కిందికి నొక్కి స్వరం దించవచ్చు, పైకి లాగి పెంచనూ వచ్చు. వదిలేస్తే ఆ సమతూకం దగ్గరికే తిరిగి రావాలి.

ఆ లాగుడు చిన్నదేమీ కాదు. 25.5 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు) ఉన్న గిటార్‌కు 10-46 సెట్ (సన్న తీగ మందం 0.010 అంగుళాలు, లావు తీగది 0.046) వేసి మామూలు శ్రుతిలో పెడితే, ఆరు తీగల టెన్షన్ కలిపి సుమారు 47 కిలోల బరువుకు సమానం. 9-42 సెట్ అయితే దాదాపు 39 కిలోలు. ఒక్క గేజ్ (తీగల మందం) మారిస్తే ఎనిమిది కిలోల తేడా! లావు సెట్ వేయగానే బ్రిడ్జి ముందుకు వాలి, తీగలు ఫింగర్‌బోర్డు మీద ఎత్తుగా నిలబడిపోవడానికి కారణం ఇదే.

ఇక ఈ కప్పల తక్కెడ సంగతి. ఒకదాన్ని కూర్చోబెడితే ఇంకోటి దూకుతుంది. ఒక తీగ బిగిస్తే బ్రిడ్జి కొద్దిగా ముందుకు వాలుతుంది, మిగతా తీగలు ఆ మేరకు వదులవుతాయి. ఒక తీగ తెగితే దీనికి వ్యతిరేకం: స్ప్రింగులది పైచేయి అవుతుంది, బ్రిడ్జి వెనక్కి వాలుతుంది, మిగిలిన అయిదూ పైస్థాయికి ఎగబాకుతాయి. లావు తీగను ఇ స్వరం నుంచి డి స్వరానికి దించినా జరిగేది ఇదే. అందుకే పాట మధ్యలో డ్రాప్ డి ట్యూనింగ్‌లోకి వెళ్లడం ఈ గిటార్‌తో కుదిరే పని కాదు.

అయితే మన కప్పలు త్వరగా అలిసిపోతాయి. బిగించినదాని ప్రభావంలో కొంత భాగమే బ్రిడ్జి కదలికగా మారుతుంది కాబట్టి, ప్రతి రౌండులోనూ తప్పు తగ్గుతూ వస్తుంది. గణితం చదివినవాళ్లకు ఈ పని తెలిసినట్టే ఉంటుంది. ఒకదానితో ఒకటి ముడిపడిన ఆరు సమీకరణాలు ఉన్నప్పుడు, ఒక్కొక్క రాశినే సరిచేస్తూ జవాబు నిలకడగా నిలిచేదాకా మళ్లీ మళ్లీ చుట్టిరావడాన్ని గాస్-సైడెల్ పద్ధతి అంటారు. కంప్యూటర్లు నేటికీ వాడే పద్ధతే అది. ఫ్లోటింగ్ బ్రిడ్జి గిటార్ పట్టుకున్నవాడు అదే లెక్కను చెవితో చేస్తున్నాడు.

కాబట్టి మొదటి రౌండులోనే ట్యూనర్ ముల్లును నడిమధ్యకు తేవాలని పట్టుబట్టడం వృథా. ముందు బిగించే తీగలను కావలసినదానికన్నా కాస్త ఎక్కువకే పెట్టి వదిలేయాలి, తర్వాతి తీగలు వాటిని ఎలాగూ కిందికి దించుతాయి. రౌండు రౌండుకూ పట్టింపు పెంచుకుంటూ పోతే చాలు. తీగలు మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి విప్పకుండా, ఒకటి తీసి ఒకటి వేస్తే సమతూకం మరీ చెదరదు.

ఇంకా తెలివైన దారి ఒకటుంది. బ్రిడ్జి కింద వేలాడే లోహపు దిమ్మకూ గుంత గోడకూ మధ్య, బేస్‌ప్లేటు (బ్రిడ్జి అడుగు పలక) గిటార్ ముఖానికి సమాంతరంగా ఉండేలా, సరైన మందం ఉన్న చెక్కముక్క ఇరికిస్తారు. ముక్కను బ్రిడ్జి గట్టిగా అదిమి పట్టి ఉండాలి. ఇప్పుడు బ్రిడ్జి కదలదు కాబట్టి ఇది మామూలు గిటార్ అయిపోయింది, ఒకే రౌండులో శ్రుతి కుదురుతుంది. ఆ తర్వాత స్ప్రింగులు తగిలించిన కొక్కేల పట్టీ మరలను, ముక్క తనంతట తాను వదులై జారేదాకా మెల్లగా తిప్పుతారు. ముక్క ఊడిన క్షణానికి స్ప్రింగుల బలం తీగల బలానికి సరిపోయిందని అర్థం. తర్వాత మిగిలేది చిన్నాచితకా సవరణే. నా దృష్టిలో ఈ గిటార్ కొన్న ప్రతివాళ్లూ ముందు నేర్చుకోవలసింది ఇదే.

సమతూకం కుదరడం సగం పనే. బార్ వాడాక బ్రిడ్జి సరిగ్గా అదే చోటికి తిరిగొస్తుందా అన్నది మిగతా సగం. ఇక్కడ సహించగల తేడా ఎంత చిన్నదో లెక్క వేస్తే ఆశ్చర్యం వేస్తుంది.

తీగ పౌనఃపున్యం దాని టెన్షన్ వర్గమూలాన్ని బట్టి మారుతుందని ఫ్రాన్స్‌కు చెందిన మరాన్ మెర్సెన్ 17వ శతాబ్దంలోనే చెప్పాడు. సంగీతంలో సెమీటోన్‌ను (పక్కపక్క స్వరాల మధ్య దూరాన్ని) 100 సెంట్లుగా విభజిస్తారు. 0.010 అంగుళాల సన్న ఇ తీగను శ్రుతికి తెచ్చినప్పుడు అది సుమారు నాలుగున్నర మిల్లీమీటర్లు సాగి ఉంటుంది. ఆ సాగుదల అయిదు మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మారితే ఒక సెంటు తేడా వస్తుంది. వైండింగ్ (పైన చుట్టిన సన్న తీగ) లేని 0.017 అంగుళాల జి తీగ ఇంకా సున్నితం. టెన్షన్ ఇంచుమించు అంతే అయినా మందం ఎక్కువ కాబట్టి అది సాగేది తక్కువ. దానికి రెండు మైక్రాన్లు చాలు. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లనుకుంటే, అందులో పదో వంతు దూరంలో బ్రిడ్జి ఆగిపోయినా జి తీగ మూడు నాలుగు సెంట్లు తప్పుతుంది. ‘ఎప్పుడూ జి తీగే తంటా’ అని గిటారిస్టులు విసుక్కోవడం ఉత్త భ్రమ కాదు. బార్ నొక్కినప్పుడు తీగలన్నీ ఒకే మేరకు దిగకపోవడానికీ కారణం ఇదే. అందుకే బార్‌తో కార్డ్‌ను (కలిపి మోగించే స్వరాలను) బాగా దించితే దాని స్వరాల మధ్య పొందిక చెడిపోతుంది.

ఇంత సున్నితమైన చోట అసలు శత్రువు రాపిడి. నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడిలో, సాడిల్ (బ్రిడ్జి మీద తీగ ఆనే దిమ్మ) మీద, స్ట్రింగ్ ట్రీ (తలమీద తీగను అదిమి పట్టే కొక్కెం) కింద, కీకి చుట్టిన చుట్లలో తీగ కొద్దిగా జారి, తిరిగి జారక ఇరుక్కుంటుంది. ఎక్కడ ఇరుక్కుందో తీగే చెబుతుంది. బార్‌ను లోతుగా నొక్కి వదిలాక స్వరం పైకి తేలిందనుకోండి. తీగ వదులైనప్పుడు నట్ అవతలి భాగం దాన్ని కొంచెం తన వైపు లాక్కుంది, తిరిగి ఇవ్వలేదు. తీగను వేలితో వంచి వదిలినప్పుడు స్వరం కిందికి దిగితే, అది ఇటు జారి ఇక్కడే ఉండిపోయింది. ఈ రెండూ కనిపిస్తే అనుమానించాల్సింది ముందు నట్‌నే. స్ప్రింగుల జోలికి వెళ్లకూడదు. గాడిని తీగ మందానికి తగ్గట్టు సాఫీ చేయించడం, అందులో కాస్త గ్రాఫైట్ రాయడం (పెన్సిల్ ములుకు చాలు), కీ మీద చుట్లు తగ్గించడం అసలు మందులు. కొత్త తీగలు వేశాక చేత్తో లాగి చుట్లను సర్దుకోనివ్వాలి కూడా.

నట్ సరిగా ఉండీ ఆరు తీగలూ ఒకే వైపు తప్పుతుంటే అప్పుడు కత్తి అంచులను చూడాలి. అవి అరిగినా, స్టడ్‌లో గాటు పడినా బ్రిడ్జి ప్రతిసారీ వేరే చోట ఆగుతుంది. తీగలు పూర్తి బిగువులో ఉండగా స్టడ్‌ల ఎత్తు మార్చడం ఆ అంచులను చేజేతులా పాడుచేసుకోవడమే. ఈ పని చేసేవాళ్లు చాలామంది కనిపిస్తారు.

1954లో లియో ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ తెచ్చినప్పుడు, దాని ట్రెమొలో (బార్‌తో ఊగే బ్రిడ్జి) ఆరు మరల మీద ఊగేది, తీగలు నట్ మీదుగా స్వేచ్ఛగా జారేవి. సున్నితంగా వాడితే ఆ ఏర్పాటు ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది. తీగలు పూర్తిగా వేలాడిపోయేలా బార్ నొక్కడం మొదలయ్యాకే ఇబ్బంది పెరిగింది. ఫ్లాయిడ్ రోజ్ 1979లో పేటెంట్ పొందిన పరిష్కారం మొండిది, కానీ సూటిది: తీగను జారనివ్వకపోతే ఇరుక్కునే ప్రశ్నే లేదు. నట్ దగ్గర ఒక బిగింపు, బ్రిడ్జి దగ్గర ఇంకో బిగింపు. నట్ బిగించాక తలమీది కీలు తిప్పినా ఫలితం ఉండదు కాబట్టి, బ్రిడ్జి మీదే చిన్న సవరణ మరలు తర్వాత వచ్చి చేరాయి. అయితే లాక్ అరికట్టేది రాపిడిని మాత్రమే. ఒక తీగ తెగితే మిగతావి చెదరడం ఫ్లాయిడ్ రోజ్‌లోనూ తప్పదు.

స్ప్రింగులు ఎన్ని వేయాలన్నది తరచూ వాదన రేపే విషయం. మూడు స్ప్రింగులను ఎక్కువ సాగదీసినా, అయిదింటిని తక్కువ సాగదీసినా తీగలకు ఎదురుబలం ఒక్కటే. తేడా బిగుతులో ఉంది. అయిదు ఉంటే బార్ గట్టిగా ఉంటుంది, ఒక తీగ వంచినప్పుడు మిగతావి దిగడం తగ్గుతుంది, శ్రుతి చేయడానికి రౌండ్లూ తక్కువ పడతాయి. మూడు ఉంటే చేతికి మెత్తగా ఉంటుంది, కానీ రెండు తీగలు కలిపి వాయిస్తూ ఒకదాన్ని వంచేటప్పుడు రెండోది నిలవదు. అరచేతిని బ్రిడ్జి మీద ఆనించి దాన్ని అదుపులో పెట్టడం వాయించేవాడి పని. అయినా నేను మూడింటి వైపే ఉంటాను. బార్ గట్టిపడిపోతే ఈ తంటా అంతా పడటం దేనికి?

వేడి విషయంలో మాత్రం ఈ బ్రిడ్జికి ఒక చిన్న లాభముంది. స్టేజి లైట్ల కింద ఉక్కు తీగలు వ్యాకోచించి వదులవుతాయి. స్థిరమైన బ్రిడ్జి మీద ఒక్క డిగ్రీ సెల్సియస్ పెరిగితే పైన చెప్పిన జి తీగ లెక్క ప్రకారం నాలుగు సెంట్ల దాకా దిగుతుంది. ఫ్లోటింగ్ బ్రిడ్జి మీద తీగలన్నీ కలిసి వదులైతే స్ప్రింగులు బ్రిడ్జిని వెనక్కి లాగి ఆ వదులులో కొంత పూడుస్తాయి. స్ప్రింగులు ఎంత మెత్తగా ఉంటే పూడేది అంత ఎక్కువ. పూర్తిగా పూడదు, పైగా అన్ని తీగలకూ సమానంగా పంచదు. జి మరీ సున్నితం కాబట్టి వేడికి ఎక్కువగా దిగేదీ అదే, బ్రిడ్జి వెనక్కి వాలినప్పుడు ఎక్కువగా ఎక్కేదీ అదే.